పది, పన్నెండు వేలలో అకౌస్టిక్ గిటార్: చేత్తో పట్టి, కొలిచి, ఆ తర్వాత డబ్బు కట్టండి

కొత్తగా గిటార్ కొన్నవాళ్ళు రెండు నెలలు తిరక్కుండానే దాన్ని అటకెక్కించడానికి చాలాసార్లు కారణం ఒక్కటే: తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోతాయి. నేర్చుకునేవాళ్ళు మాత్రం తమకు చేతకాదేమో అనుకుంటారు. ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలను కలిపి పలికించే పట్టు) పలకకపోతే తప్పు వేళ్ళదే అనిపిస్తుంది కానీ, తక్కువ ధర గిటార్లలో అది తరచుగా నట్ తప్పు. నట్ అంటే తల దగ్గర తీగలు కూర్చునే తెల్లటి పట్టీ. అందుకే ఈ ధరలో గిటార్ ఎంచుకునేటప్పుడు ఏ కంపెనీ, ఏ చెక్క అన్నదాని కంటే ముందు తీగల ఎత్తు చూడాలి. దాన్ని కొలవచ్చు, అదేం పెద్ద విద్య కాదు.

ముందు డబ్బు సంగతి. చేతిలో 12,000 ఉంటే అంతా గిటార్‌కే పెట్టకండి. గిటార్ పదివేల లోపు చూసుకుని, మిగిలినదాన్ని మంచి తీగల సెట్టుకీ, క్లిప్ ట్యూనర్‌కీ, సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయడం) చేయించడానికీ ఉంచుకోండి. సెటప్ చేసిన ఎనిమిది వేల గిటార్ సెటప్ లేని పదిహేను వేల గిటార్ కంటే హాయిగా వాయించనిస్తుంది. ఎలక్ట్రిక్ పికప్ (నాదాన్ని స్పీకర్‌కి పంపే పరికరం) ఉన్న మోడల్‌కి ఎక్కువ పెట్టే పని ఇప్పుడు లేదు. ఈ ధరలో వచ్చే పికప్‌లు పెద్దగా బాగుండవు, ఆ డబ్బు చెక్కపనిలోంచి తగ్గుతుంది. మూడు, నాలుగు వేలకు దొరికేవాటిలో కొన్నిటికి మెడలో ట్రస్ రాడ్, అంటే మెడ వంపును సరిచేసే లోహపు కడ్డీ, ఉండదు. సౌండ్ హోల్‌లోకి, అంటే పైచెక్క మధ్యలోని గుండ్రటి రంధ్రంలోకి, టార్చ్ వేసి మెడ వైపు చూడండి, లేదా తల మీదున్న చిన్న మూత తీయించండి. అలెన్ కీ పట్టే చోటు కనిపించకపోతే ఆ గిటార్ వద్దు. స్టీలు తీగలు అన్నీ కలిపి మెడను దాదాపు 70 కిలోల బరువుతో లాగుతూ ఉంటాయి. మెడ వంగాక దాన్ని సరిచేసేది ఆ రాడ్ ఒక్కటే.

మన షాపుల్లో 38 ఇంచులు, 39, 41 అని అడుగుతారు. అది గిటార్ మొత్తం పొడవు. చేతికి తెలిసేది మాత్రం స్కేల్ పొడవు, అంటే తీగలో మోగే భాగం. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ, వాటిని నట్ వైపు నుంచి లెక్కపెడతాం. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే అదొస్తుంది. యమహా ఎఫ్310 స్కేల్ 634 మి.మీ., కోర్ట్ ఏడీ810ది 643, యమహా ఎఫ్‌జీ800ది 650. ఒకే తీగలు, ఒకే శ్రుతి అయితే 634 మీద బిగువు 650 మీద కంటే అయిదు శాతం దాకా తక్కువ. చిన్న చేతులవాళ్ళకు, పిల్లలకు ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఈ మూడింటికీ నట్ వెడల్పు 43 మి.మీ. లావు వేళ్ళయినా ఇబ్బంది ఉండదు.

శరీరం ఆకారం విషయానికొస్తే, ఎక్కువగా కనిపించే పెద్ద నడుము గిటార్ డ్రెడ్‌నాట్. 1916లో మార్టిన్ కంపెనీ మొదట చేసిన ఆకారం, ఆ కాలపు యుద్ధనౌక పేరే దీనికి పెట్టారు. స్ట్రమ్మింగ్‌కి, పాడుతూ వాయించడానికి ఇది నిండుగా ఉంటుంది. పొట్టివాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేస్తుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. అలాంటివాళ్ళు కాన్సర్ట్ సైజు, యమహా ఎఫ్ఎస్ వరుస లాంటివి చూడాలి. కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చూడకుండా ఏదీ తేల్చుకోవద్దు.

పైచెక్క గురించి షాపులో రెండు మాటలు వినిపిస్తాయి. 'స్ప్రూస్ టాప్' అంటే సాధారణంగా పొరలు అంటించిన ప్లై. 'సాలిడ్ స్ప్రూస్ టాప్' అంటే ఒకే చెక్క. సౌండ్ హోల్ అంచును గోటితో తడుముతూ దగ్గరగా చూడండి: పైనున్న గీతలు అంచు మీదుగా కిందికి అలాగే దిగితే సాలిడ్, అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లై. సాలిడ్ టాప్ నాదం వాయించేకొద్దీ విచ్చుకుంటుందని చాలామంది అంటారు. కానీ సాలిడ్ టాప్ ఉన్న ఎఫ్‌జీ800 లాంటివి ఇరవై వేల చుట్టుపక్కల మొదలవుతాయి. పదివేలలో నీటుగా చేసిన ప్లై గిటార్ తీసుకోవడానికి ఏమీ సంకోచించక్కర్లేదు. విశాఖ ఉప్పుగాలికీ, రాయలసీమ మే నెల ఎండకీ సాలిడ్ కంటే ప్లై బాగా తట్టుకుంటుంది కూడా.

ఇక కొలతలు. షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో వేసుకోవాల్సినవి: ఉబ్బెత్తు అంకెలు లేని పాత ఏటీఎం కార్డులు అయిదు, రెండు మామూలు కాగితాలు, ఒక కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు), ఫోనులో ట్యూనర్ యాప్. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. ఎక్కడి కార్డయినా అంతే, కాబట్టి దీనికంటే చవకైన కొలబద్ద దొరకదు.

మొట్టమొదట గిటార్‌ను మామూలు శ్రుతికి, ఇ-ఏ-డి-జి-బి-ఇకి, తెచ్చుకోండి. షాపులో వేలాడే గిటార్లు చాలావరకు శ్రుతి దిగి ఉంటాయి. వదులు తీగ కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది, అలా కొలిస్తే మోసపోతాం.

మొదట మెడ వంపు. ఆరో తీగను (లావుది) 1వ ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, 14వ ఫ్రెట్ దగ్గర మరో చేతి వేలితో నొక్కండి. ఇప్పుడా తీగే రూళ్ళకర్ర. మధ్యలో 7వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య రెండు కాగితాల మందమంత సందు, అంటే 0.2 మి.మీ. ఉండాలి. సందే లేకపోతే మెడ మరీ తిన్నగానో, వెనక్కి వంగో ఉంది, బరబరలాడవచ్చు. ఏటీఎం కార్డు దూరిపోతే ముందుకు వంగింది. రెండూ ట్రస్ రాడ్‌తో సరవుతాయి. ఒక్కోసారి పావు చుట్టు మించకుండా తిప్పాలి, మళ్ళీ శ్రుతి చేసి చూడాలి. రాడ్ తిరగనంటే బలవంతం చేయొద్దు, ఆ గిటార్ పక్కన పెట్టేయండి.

తర్వాత నట్. తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని 1వ ఫ్రెట్ పైన చూడండి. కాగితం దూరీదూరనంత సందు చాలు. ఆరు తీగలకీ చూడండి. నట్ ఎత్తుగా ఉంటే నెక్ మొదట్లో పట్టే సి, ఎఫ్, బిఎమ్ కార్డ్‌లన్నీ గట్టిగా ఉంటాయి. పైగా తీగ ఎక్కువ సాగడం వల్ల శ్రుతి పైకి పోతుంది, ఎంత ట్యూన్ చేసినా కార్డ్ పుల్లగా వినిపిస్తుంది. అనుమానం తీర్చుకోవడానికి కేపో ఉంది. 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టి అక్కణ్నుంచి ఎఫ్ ఆకారం పట్టండి. ఉన్నట్టుండి తేలికైపోతే దోషం నట్‌దే. మంచి రిపేరు చేసేవాడికి నట్ గాట్లు లోతు చేయడం అరగంట పని, కాబట్టి దీనికోసం మంచి గిటార్ వదులుకోనక్కర్లేదు.

చివరగా అసలు యాక్షన్, అంటే 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు. ఏటీఎం కార్డులను ఒకదాని మీద ఒకటి పెట్టి, 12వ ఫ్రెట్ లోహం మీద ఆనించి, ఆరో తీగ కిందికి జరపండి. మూడు కార్డులు తీగను కదపకుండా దూరితే 2.3 మి.మీ., చక్కటి ఎత్తు. నాలుగు దూరితే 3 మి.మీ., సరిచేసుకోవాలి. అయిదు దూరితే జాగ్రత్తపడాలి. ఒకటో తీగ (సన్నది) దగ్గర రెండు తేలిగ్గా దూరి, మూడోది ఆగిపోతే బాగున్నట్టు.

యాక్షన్ ఎక్కువగా ఉందని తేలితే వెంటనే బ్రిడ్జి వైపు, అంటే పైచెక్క మీద తీగల రెండో కొస బిగించి ఉండే చెక్క ముక్క వైపు, చూడండి. బ్రిడ్జి చెక్కలోంచి పైకి పొడుచుకొచ్చిన తెల్లటి ముక్క సాడిల్. అది మూడు, నాలుగు మిల్లీమీటర్లు పైకి కనిపిస్తుంటే భయం లేదు, అరగదీసుకోవచ్చు. యాక్షన్ ఎక్కువ ఉండి, సాడిల్ ఇప్పటికే బ్రిడ్జిలో మునిగిపోయినట్టుంటే ఇక దించడానికి చోటు లేదు. మెడ కోణమే తప్పుగా అంటుకుందన్నమాట. దాన్ని విప్పి మళ్ళీ అంటించడానికయ్యే ఖర్చు గిటార్ ధరను మించిపోతుంది. షాపువాడు 'తీగలు మార్చితే సరిపోతుంది' అన్నా వినకండి. తక్కువ ధర గిటార్లలో కొనకూడనిది ఏదని అడిగితే మొదటి జవాబు ఇదే.

సాడిల్ అరగదీయడం ఇంట్లోనే చేసుకోవచ్చు. లెక్క తేలిక: 12వ ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు సాడిల్ నుంచి తీయాలి. అర మిల్లీమీటరు దించాలంటే ఒక మిల్లీమీటరు. తీగలు వదులు చేసి, వాటిని బ్రిడ్జిలో పట్టి ఉంచే పిన్నులు తీసి, సాడిల్‌ని బయటికి లాగండి. అడుగున, పైభాగం కాదు, పెన్సిల్‌తో గీత గీయండి. ఏ వైపు లావు తీగదో గుర్తు పెట్టుకోండి. అద్దం ముక్క మీద 220 నంబరు ఉప్పుకాగితం పరిచి, సాడిల్‌ను నిటారుగా పట్టుకుని ఒకే దిక్కులో రుద్దండి. చేయి ఒరిగితే అడుగు గుండ్రమవుతుంది, బ్రిడ్జిలో సరిగా ఆనదు, నాదం నీరసిస్తుంది. గీతకు కొంచెం ముందే ఆపి, బిగించి, కొలిచి, మళ్ళీ రుద్దండి. ఎక్కువ తీసేస్తే తిరిగి పెట్టలేం.

బరబర శబ్దం ఎక్కడొస్తుందో దాన్నిబట్టి కారణం తెలుస్తుంది. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లోనూ మామూలు బలంతో మీటండి. ఖాళీ తీగ మాత్రమే బరబరలాడితే నట్ గాటు లోతైపోయింది. మొదటి అయిదారు ఫ్రెట్లలో అంతా ఉంటే మెడ వెనక్కి వంగింది. ఒకే చోట వస్తే దాని పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉంది: ఏటీఎం కార్డు అంచును మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపితే, మధ్యది ఎత్తయితే టకటకమని ఊగుతుంది. ఒకటీ రెండూ అయితే సరిచేయించవచ్చు, నాలుగైదు చోట్ల ఉంటే మరో పీస్ అడగండి. ఒకే మోడల్‌లో రెండు పీసులు ఒకలా ఉండవు, మూడు తెప్పించి చూసుకోవడం మీ హక్కు.

ట్యూనర్ తీసి 12వ ఫ్రెట్ పైన తీగను వేలితో తాకీ తాకనట్టు పెట్టి మీటండి, తర్వాత అదే ఫ్రెట్‌లో నొక్కి మీటండి. రెండు స్వరాల మధ్య తేడా అయిదు సెంట్ల లోపుంటే చాలు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయేమో మెడ అంచున అరచేయి జార్చి చూడండి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరితే బ్రిడ్జి లేస్తోంది, వదిలేయండి. పైచెక్కను వేలి మెటికతో అక్కడక్కడా తట్టినప్పుడు లోపల ఏదైనా గలగలమంటే బ్రేస్, అంటే పైచెక్కకు లోపల దన్నుగా అంటించిన చెక్క పట్టీ, ఊడింది.

నాదం ఆఖరున. షాపు గిటార్ల తీగలు తుప్పుపట్టి మొద్దుగా ఉంటాయి, వాటితో మంచి గిటార్ కూడా డబ్బాలాగే పలుకుతుంది. అందుకే తీగల మెరుపును లెక్కచేయకండి. జి తీగ (సన్న తీగ వైపు నుంచి మూడోది) మీద 1వ ఫ్రెట్ నుంచి 12 దాకా ఒక్కో స్వరం మీటి, అన్నీ సమానంగా నిలుస్తున్నాయా, ఏదైనా మధ్యలో చచ్చిపోతోందా అని వినండి. వేరేవాళ్ళ చేత వాయించి ఆరడుగుల దూరంలో నిలబడి వినడం ఇంకా మంచిది. సౌండ్ హోల్ ఎదుటివాళ్ళ వైపు ఉంటుంది కాబట్టి వాయించేవాళ్ళకంటే వాళ్ళకే అసలు నాదం తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం వీడియో తీసి, పై పరీక్షలన్నీ మొదటి రోజే చేయండి. రిటర్న్ గడువు దాటాక మెడ కోణం గురించి వాదించి లాభం ఉండదు.

ఇంటికి తెచ్చాక తీగలు మార్చండి. కొత్తవాళ్ళకు 11-52 సెట్టు (సన్న తీగ, లావు తీగల మందం, ఇంచులో వెయ్యో వంతుల్లో) సరిపోతుంది, మరీ నొప్పిగా ఉంటే 10-47. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి మాత్రం ఎప్పుడూ స్టీలు తీగలు ఎక్కించకండి, పైచెక్క ఉబ్బి బ్రిడ్జి ఊడొస్తుంది. మొదటి నెల ఆరు తీగలూ అర స్వరం కిందికి శ్రుతి చేసి, 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టుకుంటే స్థాయి మామూలుగానే ఉంటుంది, బిగువు పదకొండు శాతం దాకా తగ్గుతుంది. వేలికొసలు గట్టిపడ్డాక కేపో తీసి మామూలు శ్రుతికి ఎక్కించుకోవచ్చు. వానాకాలంలో పైచెక్క తేమ పీల్చి ఉబ్బితే యాక్షన్ కొంచెం పెరుగుతుంది, ఎండాకాలంలో కుంగి బరబర మొదలవుతుంది. అందుకే వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఏటీఎం కార్డులు తీసి కొలవండి. ఎండలో ఆపిన కారులో మాత్రం గంటసేపయినా వదలొద్దు, బ్రిడ్జి జిగురు మెత్తబడేది అక్కడే.