ఓటీజీ ఆన్ చేసే ముందు ప్లగ్గు ఎక్కడ పెట్టారో చూడండి

పోయిన వారం మా పక్క వీధిలో ఒక వంటగది సగం నల్లబడింది. మనుషులకి ఏమీ కాలేదు, అంతవరకు స్వామి దయ. వీధంతా "ఓటీజీ పేలిందంట" అని చెప్పుకుంటున్నారు. పేలలేదు. ఆ ఓటీజీ, అంటే కేకులూ బ్రెడ్డూ కాల్చుకునే కరెంటు ఓవెన్, ఇప్పుడు మా రిపేరు షాపులో బల్ల మీద ఉంది, మసి తుడిచి ఆన్ చేస్తే పైరాడ్లు, కిందిరాడ్లు అన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి, దానికి ఏ జబ్బూ లేదు. కాలింది దాని వెనక ఫ్రిజ్ సందులో పడి ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆ బాక్సులో ఒక కన్వర్టర్ (లావు పిన్నుల ప్లగ్గుని చిన్న రంధ్రాల్లో పెట్టుకునే ప్లాస్టిక్ ముక్క), ఆ కన్వర్టర్‌లో ఓటీజీ ప్లగ్గు. నా దగ్గరికి "ఓటీజీ కాలిపోయింది" అని వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, దసరా నుంచి క్రిస్మస్ దాకా మన ఊళ్లో ఈ పెట్టెకి పని ఎక్కువ. వానలు కూడా మనకి అప్పుడే. చుట్టాలూ అప్పుడే. తిరుపతిలో ఇల్లుంటే ఎట్లుంటుందో తెలిసిందే కదా, బ్రహ్మోత్సవాలని కొందరు, తిరుచానూరు పంచమీ తీర్థమని కొందరు, దర్శనం టికెట్ దొరికిందని చెప్పాపెట్టకుండా దిగేవాళ్లు ఇంకొందరు. తెల్లవారుజామున 3 గంటలకి బాత్రూంలో గీజర్, ఇండక్షన్ మీద పాలు, ఓటీజీలో పది మందికి బ్రెడ్డు, అన్నీ ఒకేసారి. డిసెంబర్ వచ్చేసరికి కేకులు.

గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి అని నేను చెప్పను. అవి డబ్బాతో వచ్చే పుస్తకంలో ఉన్నాయి, మీకూ తెలుసు.

ముందు ప్లగ్గు

ఓటీజీ వెనకవైపు అంటించిన స్టిక్కర్ మీద వాట్స్ రాసి ఉంటుంది, చూడండి. ఇళ్లలో వాడేవి చాలావరకు 1200 నుంచి 2000 వాట్స్ మధ్య ఉంటాయి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. 1500 వాట్స్ ఓటీజీ సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది, 2000 వాట్స్‌ది 8.7. మీరు కొన్న మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు తిరగేసి చూస్తే 6 ఆంప్స్ అని ఉంటుంది. అది ఫోన్ చార్జర్‌కి, టీవీకి, టేబుల్ ఫ్యాన్‌కి చేసిన వస్తువు. దాని పక్క రంధ్రంలో మిక్సీ కూడా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

అందుకే కంపెనీవాళ్లు ఓటీజీకి లావు పిన్నుల 16 ఆంప్స్ ప్లగ్గు ఇస్తారు. చిన్న రంధ్రాల్లో దూరకూడదనే ఇస్తారు. మనవాళ్లేం చేస్తారు? అది దూరడం లేదని కొట్టుకెళ్లి కన్వర్టర్ కొనుక్కొస్తారు. లావు పిన్ను అడ్డం చెప్పిన పనిని ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కతో దాటేస్తారు. ఓటీజీ ప్లగ్గుకి కన్వర్టర్ పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఓటీజీ పెట్టొద్దు. ఈ రెండు మాటలు ఈ రోజు ఇంకా చాలాసార్లు చెప్తాను, విసుక్కోవద్దు.

"అన్నా, సంవత్సరం నుంచి అట్లే వాడుతున్నాం, ఏమీ కాలేదు" అంటారు. నిజమే, ఏమీ కాదు. రోజూ మీరు చేసేది నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఐదు నిమిషాలు. బాక్సు లోపల వేడెక్కేలోపే టోస్ట్ అయిపోతుంది, మళ్లీ రేపటిదాకా చల్లారుతుంది. కానీ ఆ వేడికి లోపలి ఇత్తడి పట్టీలు ప్రతిసారీ కొంచెం కొంచెం సడలుతాయి, నల్లబడతాయి, పట్టు తప్పిన చోట ఇంకా వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ పట్టు దగ్గర పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఒక రోజు మీరు కేకు పెడతారు, గంట. అది తీసి చికెన్ పెడతారు, 200 డిగ్రీల మీద ఇంకో ముప్పావు గంట. సంవత్సరం పాటు కాని పని ఆ రోజు అవుతుంది. రోజువారీ టోస్ట్ మీకు ధైర్యం ఇస్తుంది, పండగ రోజు వంట దానికి పరీక్ష పెడుతుంది.

రెండో మాట, "ఎమ్‌సీబీ ఉంది కదా, పడిపోతుంది లే." కరెంటు మితిమీరితే దానంతటదే పడి సరఫరా ఆపే స్విచ్ అది. కానీ ఇక్కడ పడదు. గోడలో వైరుకి తగ్గట్టు అక్కడ 16 ఆంప్స్‌దో 20 ఆంప్స్‌దో ఎమ్‌సీబీ వేసి ఉంటారు. మీ బాక్సు 6 దాటి 9 లాగుతున్నా దాని లెక్కలో అంతా బాగున్నట్టే. అది కాపాడేది గోడలో వైరుని, మీరు తెచ్చిపెట్టిన బాక్సుని కాదు. ఒక పిన్ను లూజై అక్కడ ప్లాస్టిక్ కరుగుతుంటే ఎమ్‌సీబీకి తెలిసే దారే లేదు. పక్క వీధిలో కూడా నల్లబడ్డాక, వైర్లు ఒకదానికొకటి తగిలాక పడింది.

మరి ఏం చెయ్యాలి? వంటగదిలో పవర్ ప్లగ్గు, అంటే 16 ఆంప్స్ పాయింట్, ఉంటే దానికే నేరుగా పెట్టండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఓటీజీకి విడిగా ఒక 16 ఆంప్స్ పాయింట్ వేయించండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో, దానికి వేరే ఎమ్‌సీబీతో, పచ్చ వైరు, అంటే ఎర్త్, నిజంగా కలిపి. ఉన్న లైటు పాయింట్ నుంచి సన్న వైరు లాగి దానికి పెద్ద సాకెట్ బిగిస్తానంటే ఒప్పుకోవద్దు, పైకి పవర్ ప్లగ్గులా కనిపిస్తుంది కానీ లోపల అదే కథ. అద్దె ఇల్లు, ఓనరు గోడ ముట్టనివ్వడు అంటారా, వాషింగ్ మెషిన్‌కో ఏసీకో వేసిన పాయింట్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఓటీజీని పాయింట్ దగ్గరికి తీసుకెళ్లండి, పాయింట్‌ని ఓటీజీ దగ్గరికి లాక్కురావద్దు. హాల్లో ఏసీ కింద ఓటీజీ పెట్టుకుంటే చూసేవాళ్లు నవ్వుతారేమో, నవ్వనీండి.

ఓటీజీ వైరు అంత పొట్టిగా ఎందుకిచ్చారని తిట్టుకునేవాళ్లు చాలామంది. పిసినారితనం కాదది. వైరు పొడుగుంటే వేడి బాడీకి తగులుతుంది, కాలికి తట్టుకుంటుంది, పెట్టె మొత్తం కిందికొస్తుంది.

వాడుతున్న ప్లగ్గు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చెయ్యండి. ఇరవై నిమిషాలు ఓటీజీ నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పిన్నుల్ని కాదు, దాని ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకోండి. కొంచెం గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. పట్టుకోలేనంత ఉంటే ఆ సాకెట్‌లో ఇంక పెట్టొద్దు. సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ, సన్నగా చిర్రుమనే శబ్దం, ఏ చేపా వండకుండానే చేపల వాసన, వీటిలో ఏది కనిపించినా అదే అర్థం. ఓటీజీ ఆన్ చేయగానే ఇల్లంతా లైట్లు బాగా తగ్గి మళ్లీ పెరుగుతుంటే లూజు మీటరు వైపో స్తంభం వైపో ఉండొచ్చు, కరెంటోళ్ల ఫిర్యాదు నంబర్ 1912కి చెప్పండి.

పెట్టే చోటు

గ్రానైట్ బండ మంచిది. ఫ్రిజ్ పైన వద్దు, ప్లాస్టిక్ కవర్ వేసిన డైనింగ్ టేబుల్ మీద వద్దు, సిలిండర్ పక్కన అసలే వద్దు. పక్కలకీ వెనక్కీ నాలుగు వేళ్ల ఖాళీ చాలదు, జానెడు వదలండి. పైన చెక్క అర ఉంటే ఇంకా ఎక్కువ. ఓటీజీ నెత్తిన పప్పుల డబ్బాలు, కూరగాయల కవరు, చేతిగుడ్డ పెట్టే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది, ఆ పైరేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

వాన, తేమ

ఎండాకాలమంతా అటక మీద ఉండి దసరాకి దిగే ఓటీజీలు చాలా. రాడ్డు లోపల తెల్లటి పొడి ఉంటుంది, కరెంటు పైరేకుకి రాకుండా ఆపేది అదే. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. అందుకే వానల్లో చాలా రోజుల తర్వాత ఆన్ చేస్తే, కరెంటు లీకైతే పడే స్విచ్, అంటే ఆర్‌సీసీబీ టక్కున పడుతుంది, ఎర్త్ లేని ఇంట్లో అయితే బాడీ ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఆర్‌సీసీబీ పడితే ఓటీజీని రిపేరుకి తీసుకెళ్లండి. "మాటిమాటికీ పడుతోంది" అని ఆ స్విచ్‌నే తీయించేసిన పెద్దమనుషులు ఉన్నారు, అలా చెయ్యొద్దు. పడకపోయినా ఏమీ పెట్టకుండా 120 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు ఖాళీగా నడిపి, తర్వాత వంట మొదలుపెట్టండి. లోపల బొద్దింకలు గూడు పెట్టి ఉంటే అదీ అప్పుడే తెలుస్తుంది.

2021 నవంబర్ వానలకి తిరుపతిలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో చూశాం. నీళ్లలో మునిగిన బోర్డు ఎండినట్టు కనిపించినా ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా ఓటీజీ పెట్టొద్దు. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు, చుట్టూ తడి కాళ్లు, ఆ మాట మళ్లీ చెప్పించుకోవద్దు.

ఇక మిగతావి, ఒక వరస లేకుండా.

మెత్తబడిన మురుకులు కరకరలాడాలని ఓటీజీలో పెడితే 120 దాటించొద్దు, అక్కడే నిలబడండి. అవి నూనె తాగిన వస్తువులు.

శెనక్కాయలు 150 మీద వేయించండి, మధ్యలో తీసి కలపండి. ఎండుమిరపకాయలు ఓటీజీలో వేయించొద్దు, ఇంట్లో ఒక్కరు నిలబడలేరు.

కొండ మీద వడ వేడి చేసుకోండి, బాగుంటుంది. లడ్డు వద్దు, నెయ్యి కరిగి రాడ్డు మీద పడుతుంది. కవర్‌తో సహా పెట్టినవాళ్లని కూడా చూశాను.

చికెన్ కమ్మీల జాలీ మీద పెడితే కింద ట్రే ఉండాలి. ఉండి తీరాలి. కొవ్వు రాడ్డు మీద కారితే మంట లేస్తుంది.

కింద రొట్టెపొడి రాలే ట్రేకి ఫాయిల్ పరచొద్దు. న్యూస్‌పేపర్ అయితే ఇంక చెప్పేదేముంది.

బటర్ పేపర్ అంచులు ట్రే బయటికి లేవకుండా కత్తిరించండి, పైరాడ్డుకి తగిలితే అంటుకుంటుంది.

"మైక్రోవేవ్‌కి పనికొస్తుంది" అని రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఓటీజీకి పనికిరాదు. మెలమైన్ ప్లేటు కూడా.

వేడి అద్దం తలుపు మీద తడిగుడ్డ వెయ్యొద్దు, పగులుతుంది. వేడి ట్రేని తడిగుడ్డతో పట్టొద్దు, ఆవిరి చెయ్యి కాలుస్తుంది.

గీజర్ ఆన్‌లో ఉండగా ఓటీజీ ఆన్ చెయ్యొద్దు, రెండూ ఒకే లైనులో ఉంటే. తెలియకపోతే ఉన్నాయనే అనుకోండి.

టైమర్ "స్టే ఆన్" మీద పెట్టొద్దు. దానికి ఆగడం తెలియదు, మీరు ఆపేదాకా మండుతుంది.

ఓటీజీ ఆన్ చేసి పాల ప్యాకెట్‌కి కూడా బయటికి పోవద్దు. స్నానానికీ పోవద్దు.

వాడటం అయ్యాక ప్లగ్గు పీకండి. వైరు పట్టుకుని కాదు.

పిన్ను దూరడం లేదని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లకి ఒక దండం.

హాస్టల్‌కి పోయే పిల్లకి పాత ఓటీజీ ఇచ్చి పంపొద్దు. అక్కడ ఒక్క ప్లగ్గుకి నలుగురు ఉంటారు, నాలుగు కన్వర్టర్లు ఉంటాయి.

ఇంట్లో కన్వర్టర్ ఉంటే విరగ్గొట్టి పారేయండి. డ్రాయర్‌లో దాచొద్దు, సంక్రాంతికి ఎవరో ఒకరు వెతికి తీస్తారు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. "మంచి కంపెనీది" అయినా వద్దు. "ఒక్కసారికే" అయినా వద్దు.

లోపల మంట కనిపిస్తే తలుపు తెరవొద్దు. స్విచ్ ఆపండి, గాలి అందక అదే ఆరిపోతుంది. నీళ్లు పొయ్యొద్దు.

ప్లగ్గు దగ్గర పొగ వస్తే ప్లగ్గు ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి, సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి, పెద్దవాళ్లనీ పిల్లల్నీ బయటికి పంపి ఫైరింజన్ నంబర్ 101కి ఫోన్ చెయ్యండి.

చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు. పేస్టు, ఐసు, పసుపు ఏదీ పూయొద్దు.

మంట ఆరాక ఆ సాకెట్ మీద టేపు అంటించి, ఎలక్ట్రీషియన్ గోడలో వైరు కూడా లాగి చూసేదాకా దాంట్లో ఏమీ పెట్టొద్దు, ఫోన్ చార్జర్ కూడా.