ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో ఆన్‌లైన్ పీజీ చేయడం ఎలా?

క్లాసు బాగా చెప్పే టీచరు ఏదో ఒక రోజు బడి మొత్తం గురించి ఆలోచించడం మొదలుపెడతారు. కొత్తగా చేరిన టీచర్లు ఏడాది తిరగకుండానే ఎందుకు వెళ్లిపోతున్నారు? మూడో తరగతిలో చదవడం రాని పిల్లవాడు ఏడో తరగతి దాకా అలాగే ఎలా వచ్చాడు? టైమ్‌టేబుల్‌లో బలహీనమైన పిల్లలకే అనుభవం లేని టీచర్లు ఎందుకు పడుతున్నారు? ఒక్క గదిలో కూర్చుని వీటికి జవాబు చెప్పలేం. విద్యా నాయకత్వంలో పీజీ చేయాలనే కోరిక చాలామందిలో ఇక్కడే పుడుతుంది. ఉద్యోగం మానలేరు కాబట్టి ఆన్‌లైన్ వైపు చూస్తారు.

అది మంచి దారే. కాకపోతే చాలామంది వరస తప్పుతారు. ముందు యూనివర్సిటీ చూసుకుని, ఫీజు కట్టేసి, ఏడాది గడిచాక ఆ పదవికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు గురించి అడుగుతారు. ఆ వరసను తిరగేయండి. మీకు ఏ పదవి కావాలో ముందు తేల్చుకోండి. దానికి అక్కడి ప్రభుత్వం ఏ అర్హత అడుగుతోందో తర్వాత చూడండి. కోర్సు ఎంపిక ఆ తర్వాతే.

మొదటి పని: ఏ పదవి కోసం చదువుతున్నారో కాగితం మీద రాయండి

ప్రిన్సిపాల్ కావాలా? జిల్లా స్థాయిలో పర్యవేక్షకులు కావాలా? కాలేజీ పాలనలోకి వెళ్లాలా? టీచర్లకు శిక్షణ ఇచ్చే కోచ్‌గా ఉండాలా? వీటన్నిటికీ ఒకే డిగ్రీ సరిపోదు.

అమెరికా పద్ధతిలో మాస్టర్స్ డిగ్రీ, అంటే ఎం.ఎడ్. లేదా ఎం.ఏ., సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు (చదువు గంటల కొలత) ఉంటుంది. పని చేస్తూ చదివేవారికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. బడి స్థాయి పదవికి అక్కడ చాలాచోట్ల ఇదే మెట్టు. దానిపైన ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్ అనే ఎడ్.ఎస్. ఉంది. ఇది మాస్టర్స్‌కూ డాక్టరేట్‌కూ మధ్యలోది, జిల్లా స్థాయి పదవుల వైపు చూసేవారు ఎక్కువగా చేస్తారు. ఆపైన విద్యలో వృత్తిపరమైన డాక్టరేట్ అయిన ఎడ్.డి., ఇంకా పీహెచ్.డి. ఉన్నాయి. పరిశోధకులుగా, ప్రొఫెసర్లుగా వెళ్లాలనుకుంటే పీహెచ్.డి. తీసుకోండి. బడుల్లోనే, జిల్లా కార్యాలయాల్లోనే ఉంటూ అక్కడి సమస్యను శాస్త్రీయంగా పట్టుకోవాలనుకుంటే ఎడ్.డి. సరిగ్గా సరిపోతుంది. 2007లో మొదలైన కార్నెగీ ప్రాజెక్ట్ ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్ అనే కూటమిలో చేరిన యూనివర్సిటీలు ఎడ్.డి.ని ఈ దిశగానే తీర్చిదిద్దుతున్నాయి. అక్కడి సిద్ధాంత వ్యాసం అభ్యర్థి పనిచేసే చోట నిజంగా ఉన్న చిక్కు చుట్టూ తిరుగుతుంది.

మాస్టర్స్ లేకుండా నేరుగా డాక్టరేట్ వైపు తొందరపడవద్దని నా సలహా. నాయకత్వ పని మీకు నచ్చుతుందో లేదో తేలడానికి మాస్టర్స్‌లోని ఇంటర్న్‌షిప్ చాలు.

రెండో పని: డిగ్రీ వేరు, లైసెన్సు వేరు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మీ డబ్బూ, సమయమూ ఎక్కువగా పోయేది ఈ తేడా తెలియకే.

యూనివర్సిటీ ఇచ్చేది డిగ్రీ. ప్రిన్సిపాల్‌గా పనిచేయడానికి అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. ఈ రెండిటి మధ్య బంధం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో హెడ్‌టీచర్ల కోసం ఎన్.పి.క్యు.హెచ్. అనే జాతీయ అర్హత ఉంది, 2012 నుంచి అది తప్పనిసరి కాదు. స్కాట్లండ్‌లో దీనికి పూర్తిగా ఎదురు: 2020 ఆగస్టు నుంచి శాశ్వత హెడ్‌టీచరు పదవిలోకి తొలిసారి వచ్చేవారు స్టాండర్డ్ ఫర్ హెడ్‌షిప్ అనే అర్హత సాధించి ఉండాలి. భారతదేశంలో ఆన్‌లైన్ డిగ్రీలకు యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి ఉన్న సంస్థ నుంచి, అనుమతి ఉన్న కోర్సులో వచ్చిన డిగ్రీకే విలువ. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత లైసెన్సు ఉంది. చాలా రాష్ట్రాలు మాస్టర్స్ డిగ్రీ, కొన్నేళ్ల బోధన అనుభవం, రాష్ట్రం ఆమోదించిన ప్రోగ్రామ్, ఒక పరీక్ష అడుగుతాయి. ఎన్నో రాష్ట్రాల్లో ఆ పరీక్ష ఇ.టి.ఎస్. అనే పరీక్షల సంస్థ నిర్వహించే స్కూల్ లీడర్స్ లైసెన్షర్ అసెస్‌మెంట్. టెక్సాస్ లాంటివి సొంత పరీక్షలు పెట్టుకున్నాయి.

ఆన్‌లైన్ కోర్సులో చిక్కు ఎక్కడంటే, యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో ఉంటుంది, మీరు ఇంకో రాష్ట్రంలో ఉంటారు. ఒక రాష్ట్రంలోని సంస్థ మరో రాష్ట్రంలోని విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పడానికి సారా అనే రాష్ట్రాల ఒప్పందం వీలు కల్పిస్తుంది. కానీ వృత్తి లైసెన్సులు ఆ ఒప్పందంలో లేవు. అంటే మీకు పాఠం చెప్పే హక్కు వాళ్లకు ఉండవచ్చు, ఆ పాఠంతో మీకు లైసెన్సు రాకపోవచ్చు. లైసెన్సుకు దారితీసే ప్రోగ్రామ్ ఏ రాష్ట్రాల నిబంధనలకు సరిపోతుందో సంస్థలు వెల్లడించాలని అమెరికా ఫెడరల్ నియమాలు 2020 జులై నుంచి చెబుతున్నాయి. ఆ పట్టిక యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఏదో మూలన ఉంటుంది. వెతికి పట్టుకోండి.

ఇంకో మెలిక. చాలా యూనివర్సిటీలు ఒకే పేరుతో రెండు రకాల కోర్సులు నడుపుతాయి: లైసెన్సుకు పనికొచ్చేది ఒకటి, లైసెన్సుతో సంబంధం లేనిది ఇంకొకటి. రెండోది తక్కువదేమీ కాదు. లైసెన్సు అడగని ప్రైవేటు బడుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, కాలేజీల్లో పనిచేసేవారికి అది చక్కగా సరిపోతుంది, ఇంటర్న్‌షిప్ భారం కూడా తగ్గుతుంది. ఏది తీసుకుంటున్నారో తెలిసి తీసుకోవాలి, అంతే.

ఫోనులో తియ్యగా మాట్లాడే అడ్మిషన్ కౌన్సెలర్ మాటతో సరిపెట్టుకోకండి. ఈ ప్రశ్న ఈమెయిల్‌లో పంపండి: “నేను ఫలానా రాష్ట్రంలో పనిచేస్తున్నాను. మీ ఈ ప్రోగ్రామ్ పూర్తిచేస్తే అక్కడ ప్రిన్సిపాల్ లైసెన్సుకు కావలసిన చదువు షరతులన్నీ తీరుతాయా? పరీక్ష, ఇంటర్న్‌షిప్ ఏమేం మిగులుతాయి?” ఇదే ప్రశ్న మీ రాష్ట్ర లైసెన్సింగ్ కార్యాలయానికి కూడా పంపండి. రెండు జవాబులూ ఒకేలా ఉంటే ముందుకు వెళ్లండి. తేడా ఉంటే కార్యాలయం చెప్పినదే నమ్మండి. ఆ ఈమెయిళ్లు దాచుకోండి.

సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూడటం దీనికంటే తేలిక. అమెరికా విద్యాశాఖ గుర్తింపు పొందిన సంస్థల జాబితాను ఆన్‌లైన్‌లో ఉంచుతుంది, పేరు కొడితే తెలిసిపోతుంది. సి.ఎ.ఇ.పి. అనే సంస్థ టీచర్లను, బడి నాయకులను తయారుచేసే ప్రోగ్రామ్‌లకు విడిగా గుర్తింపు ఇస్తుంది. అది ఉంటే మంచిదే, మీ రాష్ట్రం అడగకపోతే దాని కోసం పట్టుబట్టనక్కర్లేదు. వేరే దేశంలో ఆ డిగ్రీ వాడుకోవాలనుకుంటే మాత్రం బయటి డిగ్రీని తమ డిగ్రీకి సమానంగా గుర్తించే అక్కడి నిబంధనలు ముందే కనుక్కోండి. కొన్నిచోట్ల ఆన్‌లైన్ డిగ్రీలకు వేరే షరతులు ఉంటాయి.

మూడో పని: మెంటర్ దొరికాకే ఫీజు కట్టండి

కోర్సు ఆన్‌లైన్‌లో ఉంటుంది గానీ ఇంటర్న్‌షిప్ బడిలోనే. ఈ చదువుకు గుండెకాయ అదే. అమెరికాలో బడి నాయకుల తయారీకి 2018లో వచ్చిన ఎన్.ఇ.ఎల్.పి. ప్రమాణాలు ఎనిమిది. ఎనిమిదోది మొత్తం ఇంటర్న్‌షిప్ గురించే: కనీసం ఆరు నెలలు, వారానికి 10 నుంచి 15 గంటలు, అర్హత ఉన్న మెంటర్ దగ్గర. పూర్తి స్థాయి టీచరు ఉద్యోగం చేస్తూ వారానికి పది గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? దరఖాస్తుకు ముందే ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

మీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి మూడు విషయాలు సూటిగా అడగండి. మెంటర్‌గా ఉండటానికి ఒప్పుకుంటారా? యూనివర్సిటీ అడిగే లైసెన్సు, అనుభవం ఆయనకు లేదా ఆమెకు ఉన్నాయా? బడి పనివేళల్లో నాకు కొన్ని పీరియడ్లు వదలగలరా? కొన్ని ప్రోగ్రామ్‌లు ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత స్థాయిల్లో విడివిడిగా కొన్ని గంటలు చేయాలంటాయి. అలా ఉంటే ఇంకో బడిలో కూడా ఒకరు కావాలి. ఆ బడి మీకు తెలిసిన ప్రిన్సిపాల్‌ది అయితే పని సులువవుతుంది.

గంటలు నిండటం ఒక్కటే చూసుకోకండి. వరండాలో కాపలా, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడటం లాంటి పనులతో గంటలు గడిచిపోతాయి, నేర్చుకునేది మాత్రం తక్కువ. నిర్ణయం మీ చేతిలో ఉండే పనులు అడిగి తీసుకోండి: వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ ముసాయిదా, ఒక సబ్జెక్టు బడ్జెట్, టీచరు పోస్టు ఇంటర్వ్యూల ప్యానెల్‌లో చోటు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులతో సమావేశం. ముఖ్యంగా తోటి టీచరు క్లాసు పరిశీలన. 1950ల చివర్లో హార్వర్డ్‌లో మోరిస్ కోగన్, ఆయన సహచరులు రూపొందించిన క్లినికల్ సూపర్‌విజన్ పద్ధతి ఇప్పటికీ ఈ కోర్సుల్లో వాడుకలో ఉంది. క్లాసుకు ముందు టీచరుతో కూర్చుని దేన్ని గమనించాలో ఇద్దరూ అనుకోవాలి. క్లాసులో కనిపించినది కనిపించినట్టు రాసుకోవాలి. ఆ తర్వాత ఆ రాతను ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. నిన్నటిదాకా పక్క క్లాసులో పాఠం చెప్పిన స్నేహితురాలికి “మీ ప్రశ్నలన్నీ ముందు బెంచీ వాళ్లకే వెళ్లాయి” అని చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అది ఎంత కష్టమో. ఆ కష్టాన్ని మెంటర్ పక్కన ఉండగానే పడటం మేలు.

నాలుగో పని: గంటలు లెక్కవేయండి

అమెరికా క్రెడిట్ లెక్క ప్రకారం ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే సుమారు 15 వారాలపాటు వారానికి ఒక గంట పాఠం, రెండు గంటల సొంత చదువు. కాబట్టి మూడు క్రెడిట్ల కోర్సు మొత్తం 135 గంటల పని. 15 వారాల్లో అయితే వారానికి 9 గంటలు. చాలా ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లు అదే కోర్సును ఎనిమిది వారాల్లో ముగిస్తాయి, అప్పుడు వారానికి దాదాపు 17 గంటలు. బ్రిటన్‌లో ఒక క్రెడిట్‌కు 10 గంటల పని, మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు, అంటే 1,800 గంటలు. “తొందరగా ముగించవచ్చు” అనే ప్రకటన చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. గంటలు తగ్గవు, తక్కువ వారాల్లో ఇరుకుతాయి. పరీక్షల కాలంలో, ఏడాది మొదట్లో టీచరుకు ఊపిరాడదు. ఆ నెలల్లో ఒక్క కోర్సే తీసుకుని, సెలవుల్లో రెండు తీసుకోవడం నయం.

పాఠాలు ప్రత్యక్షంగా ఫలానా సమయానికి ఉంటాయా, వీలున్నప్పుడు చూసుకునేవా అన్నది కూడా అడగండి. వేరే టైమ్‌జోన్‌లో ఉంటే ఇది చిన్న విషయం కాదు. నా ఓటు మాత్రం కొంతైనా ప్రత్యక్షంగా జరిగేదానికీ, ఒకే బృందం మొదటి నుంచి చివరిదాకా కలిసి సాగేదానికీ. బడిలో వచ్చే చిక్కుల్ని చర్చించడానికి మరో బడి నుంచి వచ్చిన మనిషి కావాలి, రికార్డు చేసిన వీడియో ఆ పని చేయలేదు.

డబ్బు విషయంలో ఒక్క క్రెడిట్ ధర చూసి మురిసిపోకండి. టెక్నాలజీ ఫీజు, ఇంటర్న్‌షిప్ పర్యవేక్షణ ఫీజు, పుస్తకాలు, లైసెన్సు పరీక్ష ఫీజు అన్నీ కలిపి డిగ్రీ చేతికొచ్చేసరికి ఎంత అవుతుందో అడగండి. మీ యాజమాన్యం చదువు ఖర్చులో కొంత ఇస్తుందేమో కనుక్కోండి. డిగ్రీ వచ్చాక జీతం పెరిగే పద్ధతి ఉన్నచోట, ఆ పెంపుకు ఈ కోర్సును యాజమాన్యం ముందే ఆమోదించాలన్న షరతు ఉండవచ్చు. చేరాక అడిగితే ఉపయోగం ఉండకపోవచ్చు.

ఐదో పని: దరఖాస్తు

డిగ్రీ మార్కుల జాబితాలు, రికమండేషన్ లెటర్లు, ఒక వ్యాసం. దాదాపు అన్నిచోట్లా ఇవే. లెటర్లలో ఒకటి మీ పని దగ్గరగా చూసిన ప్రిన్సిపాల్‌ది అయి ఉండాలి. వ్యాసంలో “నాకు చిన్నప్పటి నుంచీ విద్య అంటే ప్రాణం” అని రాయకండి. మీ బడిలో మీరు గమనించిన ఒక సమస్య, దానికి మీరు చేసిన ప్రయత్నం, అది ఎక్కడ ఆగింది, ముందుకు వెళ్లడానికి మీకు ఏం తెలియాలి, ఈ నాలుగూ రాస్తే చాలు.

చేరాక

స్కూల్ లా, ఫైనాన్స్, డేటా విశ్లేషణ, సిబ్బంది నిర్వహణ కోర్సులు వరసగా వస్తాయి. అన్నిటికీ మీ బడినే ఉదాహరణగా పెట్టుకోండి. ఫైనాన్స్ కోర్సులో ఏదో ఊహా బడ్జెట్ బదులు మీ బడి బడ్జెట్ చదవండి. డేటా కోర్సులో మీ పిల్లల హాజరు చూడండి. చివరి ప్రాజెక్టుకు కావలసిన సరుకు ఇలా రెండేళ్లలో దానంతట అదే పోగవుతుంది. కానీ ఆ డేటా పిల్లలది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాకే అసైన్‌మెంట్‌లో పెట్టండి. అమెరికాలో 1974 నాటి ఎఫ్.ఇ.ఆర్.పి.ఎ. చట్టం విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడుతుంది, మిగతా దేశాల్లోనూ ఇలాంటి నియమాలుంటాయి. పరిశోధన అయితే యూనివర్సిటీ నైతిక సంఘం అనుమతి, బడి అనుమతి రెండూ కావాలి. అవి రావడానికి వారాలు పడుతుంది, కాబట్టి ప్రాజెక్టు మొదలుపెట్టాల్సిన సెమిస్టర్‌కు ముందు సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టండి.

ఇంటర్న్‌షిప్ గంటల పుస్తకాన్ని ఏ వారానికి ఆ వారం నింపి మెంటర్ సంతకం తీసుకోండి. మెంటర్ మధ్యలో బదిలీ అయితే పాత గంటలకు సంతకం దొరకడం కష్టం. లైసెన్సు పరీక్షను చివరి సెమిస్టర్‌లో, పాఠాలు తాజాగా ఉన్నప్పుడే రాయండి. డిగ్రీ వచ్చిందని లైసెన్సు దానంతట అది రాదు. చాలా రాష్ట్రాల్లో మీరే దరఖాస్తు చేయాలి, యూనివర్సిటీలోని సర్టిఫికేషన్ అధికారి మీ పేరు సిఫారసు చేయాలి. చదువు పూర్తయ్యాక నిబంధనలు మారితే పాత ప్రోగ్రామ్ చెల్లదనే ప్రమాదం ఉంది. అందుకే వెంటనే ఉద్యోగం మారే ఉద్దేశం లేకపోయినా, ఫలితాలు వచ్చిన నెలలోనే ఆ దరఖాస్తు పంపేయండి.