అప్పు తీరుస్తూనే ఆగిన డిగ్రీ పూర్తి చేయడం ఎలా?

పిల్లలను బడికి పంపుతూ, నెలనెలా వాయిదాలు కడుతూ, ఏనాడో ఆగిపోయిన డిగ్రీని పూర్తి చేయాలనుకునే తల్లిదండ్రులు సాధారణంగా ముందు అడిగేది ఏ కోర్సులో చేరితే మంచిదని. నిజానికి అది రెండో ప్రశ్న. ఇంట్లో ఉన్న అప్పులకు వడ్డీ కింద నెలకు ఎంత పోతున్నదో తెలిసిన తరువాతే కోర్సు మాట ఎత్తాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఏడాది ఫీజుకు సరిపడే డబ్బు ఆ వడ్డీలోనే ఇరుక్కుని ఉంటుంది. ఫీజు కోసం కొత్త అప్పు చేయకుండా, పాత అప్పు కట్టడం ఆపకుండా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఒక సాధారణ డిగ్రీని ఏ క్రమంలో పూర్తి చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

అప్పులన్నీ ఒకే కొలతలోకి

ఒక నోటుపుస్తకంలో ఒక్కో అప్పుకు ఒక్కో వరుస కేటాయించి, ఎవరికి ఇవ్వాలి, అసలు ఇంకా ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, వాయిదా ఏ తేదీన, హామీగా ఏమి పెట్టాం అన్నవి రాయాలి. ఇక్కడ వచ్చే చిక్కు ఏమిటంటే, ఊళ్లో తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు, బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది, క్రెడిట్ కార్డు బిల్లులో నెలకు మూడున్నర శాతమని ఉంటుంది. అన్నింటినీ ఏడాది శాతంలోకి మారిస్తే తప్ప పోలిక కుదరదు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, కార్డు మూడున్నర అంటే 42.

ఉదాహరణకు ఒక ఇంట్లో బంగారం మీద బ్యాంకులో రూపాయి వడ్డీకి తెచ్చినవి 1,50,000 రూపాయలు, తెలిసినవారి దగ్గర ప్రామిసరీ నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 1,00,000, క్రెడిట్ కార్డు మీద 40,000, ఇవికాక నెలకు 2,500 డ్వాక్రా వాయిదా ఉన్నాయనుకుందాం. నెలకు బంగారం మీద వడ్డీ 1,500, నోటు మీద 2,000, కార్డు మీద 1,400 అవుతుంది. కార్డు వడ్డీకి 18 శాతం జీఎస్టీ కింద మరో 252 కలుస్తుంది. ఈ కార్డుకు నెలకు 2,000 కడితే, వడ్డీ, పన్ను పోగా అసలులో తగ్గేది 348 రూపాయలే. అన్నింటిలోకీ చిన్న మొత్తం కనుక దీని గురించి ఎవరూ కంగారు పడరు, పైగా నెల తప్పకుండా కడుతున్నామన్న తృప్తి కూడా ఉంటుంది. ముందు తీర్చవలసింది మాత్రం దీన్నే, అది తీరేదాకా ఆ కార్డును ఇంట్లో ఎవరూ గీకకూడదు.

తరువాతది నోటు. తాకట్టులో ఉన్న బంగారం విలువ పెరిగి, బ్యాంకు అదే వడ్డీకి మరో లక్ష ఇవ్వడానికి ఒప్పుకుంటే, ఆ లక్షతో నోటు తీర్చినప్పుడు నెలకు వెయ్యి, ఏడాదికి 12,000 రూపాయల వడ్డీ మిగులుతుంది. దూరవిద్యలో మామూలు బి.ఏ. ఏడాది ఫీజు సాధారణంగా ఇంతకంటే తక్కువే. అయితే బ్యాంకు నుంచి వచ్చిన డబ్బు అదే రోజు నోటు ఉన్నవారి చేతికి చేరాలి. మధ్యలో బడి ఫీజుకో శుభకార్యానికో పది వేలు తీస్తే రెండు అప్పులూ మిగులుతాయి. బంగారం రుణం గడువు చాలాచోట్ల ఒక ఏడాదే కనుక, తిరిగి రాయించుకునే తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే వచ్చేది వేలం నోటీసు. నోటు పూర్తిగా తీర్చినప్పుడు అసలు కాగితాన్ని, దానితోపాటు ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే దాన్ని కూడా వెనక్కి తీసుకోవాలి. కొంత మాత్రమే కడితే నోటు వెనుక జమ రాయించుకోవాలి. బంధువులే కదా అని మొహమాటపడిన చోటే తరువాత పేచీలు పుడతాయి.

చీటీ వేస్తున్నవారు దాన్ని ఫీజు కోసం పాడుకోకూడదని నా అభిప్రాయం. పాటలో వేలకు వేలు వదులుకున్న తరువాత కూడా చివరి నెలదాకా వాయిదా తప్పదు. 42 శాతం కార్డు అప్పు తీర్చడానికైతే, పాటలో పోయేది ఎంత, మిగిలే వడ్డీ ఎంత అని లెక్క చూసుకుని ఆలోచించవచ్చు.

చదువు పేరుతో ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడనిది డ్వాక్రా వాయిదా. ఒకరు తప్పితే సంఘం మొత్తానికి తరువాత వచ్చే బ్యాంకు రుణం కష్టమవుతుంది, సకాలంలో కట్టేవారికి దక్కే వడ్డీ రాయితీ కూడా పోవచ్చు. మైక్రోఫైనాన్సు అప్పు ఉన్నవారు ఒక నిబంధన తెలుసుకోవాలి: 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఒక కుటుంబం అన్ని రుణాలకూ కలిపి కట్టే నెలవారీ వాయిదాలు ఆ కుటుంబ నెల ఆదాయంలో సగానికి మించేలా ఈ సంస్థలు రుణం ఇవ్వకూడదు, వసూలు సిబ్బంది ఉదయం 9 గంటలకు ముందు గానీ సాయంత్రం 6 తరువాత గానీ ఫోను చేయకూడదు. మీ పేరున ఎన్ని రుణాలు నమోదై ఉన్నాయో చూడడానికి క్రెడిట్ సమాచార సంస్థలు ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మరచిపోయిన పాత కార్డో, ఎవరికో పెట్టిన హామీ సంతకమో అందులో బయటపడుతుంది.

మధ్యలో ఆగినా మునగని కోర్సు

డిగ్రీ రెండో ఏడాదిలోనో చివరి ఏడాదిలోనో ఆపేసినవారు కొత్త ప్రవేశానికి ముందు పాత విశ్వవిద్యాలయం పరీక్షల విభాగాన్ని సంప్రదించాలి. బ్యాక్‌లాగులు మిగిలిన పాత అభ్యర్థులకు విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ఒకసారికి అవకాశం ప్రకటిస్తుంటాయి. అది దొరికితే మూడేళ్ల ఫీజు బదులు నాలుగైదు పేపర్ల పరీక్ష ఫీజుతో, కొంత అపరాధ రుసుముతో పని పూర్తవుతుంది.

ఆ దారి లేనివారికి సార్వత్రిక విశ్వవిద్యాలయమే (ఓపెన్ యూనివర్సిటీ) సరైనదని నేను చెబుతాను, అది చౌక కావడం ఒక్కటే కారణం కాదు. పిల్లలు, అప్పులు ఉన్న ఇంట్లో మూడేళ్లలో ఒక్కసారైనా చదువు ఆగుతుందని ముందే అనుకోవాలి. రెగ్యులర్ కళాశాలలో ఆగితే ఆ ఏడాది ఫీజు, హాజరు రెండూ పోతాయి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నోలో మూడేళ్ల బి.ఏ.ను పూర్తి చేయడానికి గరిష్ఠంగా 6 ఏళ్ల గడువు ఉంటుంది, ఫీజు ఏటా విడిగా కడతాం, సిద్ధాంత పాఠాల తరగతులకు హాజరు తప్పనిసరి కాదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో హైదరాబాదులో మొదలైన నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మాధ్యమంలో చదివే వీలుంది, ఇది ఇంగ్లీషు పుస్తకాలకు దూరమై పదేళ్లు దాటినవారికి పెద్ద ఊరట. ఇంటర్ లేనివారు ముందు ఓపెన్ స్కూలు ద్వారా అది పూర్తి చేసుకోవడం మంచిది. లేకపోతే డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగ ప్రకటనల దగ్గర అభ్యంతరాలు ఎదురుకావచ్చు. ఇంట్లో పిల్లలను చూసుకునే పెద్దవారు లేకపోతే, ప్రయోగ తరగతులకు తప్పక వెళ్లవలసిన బి.ఎస్‌సి. కంటే బి.ఏ. లేదా బి.కాం. నయం.

ఏ విశ్వవిద్యాలయమైనా, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉన్నదో లేదో చూడాలి. ఇంజనీరింగు, నర్సింగు, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చేయడానికి యూజీసీ ఒప్పుకోదు. బస్టాండు గోడల మీద కనిపించే 'వన్ సిటింగ్ డిగ్రీ' ప్రకటనల వైపు చూడనే వద్దు. మూడేళ్ల డిగ్రీని ఒక్క ఏడాదిలో ఇస్తామనేవారు అమ్మేది కాగితమే, అది ఉద్యోగంలో చేరాక జరిగే ధ్రువపత్రాల పరిశీలనలో దొరికిపోతుంది. కళాశాలకు రానవసరం లేదని చెప్పి బి.ఎడ్. సీటు అంటగట్టే దళారుల సంగతీ అంతే, ఆ కోర్సులో తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలన్నది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నియమం. ఫీజును ఎప్పుడూ విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే కట్టి రసీదు దాచుకోవాలి.

ఎప్పుడు చేరాలన్నది చిన్న విషయంగా కనిపించినా ఖర్చు పరంగా ముఖ్యమైనది. జూలైలో చేరితే ప్రతి ఏడాదీ మీ ఫీజు గడువు పిల్లల బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల ఖర్చుతోపాటే వచ్చి పడుతుంది. ఇగ్నోలో జనవరి ప్రవేశాలు కూడా ఉంటాయి కనుక, ఆ విడతలో చేరినవారికి ఈ భారం రెండుగా విడిపోతుంది. జూలై తప్పదనుకుంటే, పైన మిగిలిన నెలకు వెయ్యి రూపాయలతో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో డబ్బు విడిగా జమ చేసుకుంటూ పోవాలి. అది గృహ ఖర్చుల ఖాతాలో ఉంటే జూన్ దాకా నిలవదు.

దరఖాస్తుకు ముందు పత్రాల్లో పేరు సరిచూసుకోవాలి. పెళ్లయిన తరువాత ఆధార్‌లో ఇంటిపేరు మారి, పదో తరగతి మెమోలో పుట్టింటి పేరే ఉండడం మన మహిళల్లో మామూలు. దూరవిద్యలో ప్రవేశానికి ఇప్పుడు అవసరమైన డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా బ్యూరో ఇచ్చే గుర్తింపు సంఖ్య), దానికి ఆధారమైన ఏబీసీ ఐడీ (పాసైన పేపర్ల క్రెడిట్లను దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా సంఖ్య), ఆధార్‌తో ముడిపడి ఉంటాయి కనుక, ఈ తేడాను చివరి తేదీకి నెల ముందే సరిచేయించుకోవాలి. పాత కళాశాలలో టీసీ చిక్కుకుపోయి ఉంటే ఆ పని కూడా అప్పుడే మొదలుపెట్టాలి.

రుణం తప్పనిసరైతే

దూరవిద్యకు విద్యారుణం దొరకడం కష్టం, తీసుకోవలసిన అవసరమూ లేదు. రెగ్యులర్ వృత్తి కోర్సులో చేరుతున్నవారికి మాత్రం, వ్యక్తిగత రుణం కంటే విద్యారుణం మేలు. భారత బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు, పెళ్లయినవారికి భర్త, భార్య లేదా అత్తమామలు సహ రుణగ్రహీతగా ఉండవచ్చు. వాయిదా లేదంటే వడ్డీ లేదని కాదు. రెండేళ్ల కోర్సుకు 3,00,000 రూపాయలు 10 శాతానికి మొదటే తీసుకుంటే, మూడేళ్ల తరువాత మొదటి వాయిదా నాటికి బారువడ్డీయే 90,000 అవుతుంది. కనీసం ఆ వడ్డీనైనా నెలకు 2,500 చొప్పున కట్టలేని ఇల్లు ఆ కోర్సును పాత అప్పు తీరేదాకా వాయిదా వేసుకోవాలి. సీటు తీసుకుని మానుకోవలసి వస్తే, 2018 యూజీసీ నిబంధన ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందు తప్పుకుంటే ఫీజు దాదాపు పూర్తిగా, ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతూ తిరిగి రావాలి, ఆ చివరి తేదీ తరువాత 30 రోజులు దాటితే ఏమీ రాదు.

చదివే వేళలు, పరీక్షలు

ఇగ్నోలో చాలా కోర్సులకు 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లవి, మిగతా 70 జూన్, డిసెంబరు పరీక్షలవి. తీరిక దొరకని తల్లికి ఆ 30 శాతమే ఆధారం, ఎందుకంటే దాన్ని పిల్లలు హోంవర్క్ చేసుకునే గంటలో వారి పక్కనే కూర్చుని రాయవచ్చు. మగవారు చదువుతుంటే ఇంట్లో టీవీ కట్టేస్తారు, ఆడవారు చదువుతుంటే గిన్నెలు తోమేదాకా పుస్తకం ఆగుతుంది. వారంలో రెండు పూటల వంట ఎవరిదో చేరకముందే తేల్చుకోవాలి. ఆదివారం కాంటాక్ట్ తరగతులకు వెళ్లే మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, అధ్యయన కేంద్రం కొంత దూరమైనా టికెట్టు భయం లేదు. పరీక్ష రోజున పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరు చూస్తారన్నదానికి ఒక్కరి పేరు చాలదు, రెండో పేరు కూడా అనుకుని ఉంచాలి.

జీతం ఆగిపోవడం, ఆసుపత్రి ఖర్చు వంటిది మీద పడిన ఏడాది, అప్పు వాయిదాలను ముట్టుకోకుండా పేపర్ల సంఖ్య తగ్గించుకోవాలి. రాయగలిగిన రెండు మూడు పేపర్లకే పరీక్ష ఫీజు కట్టి, మిగతావి తరువాతి విడతకు వదిలేయవచ్చు. పాసైన పేపర్ల క్రెడిట్లు ఏబీసీ ఖాతాలో గరిష్ఠంగా 7 ఏళ్లు నిలిచి ఉంటాయి, అయితే ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అవి ఖాతాలో చేరాయో లేదో చూసుకుని, మార్కుల జాబితాను కూడా ముద్రించుకుని అప్పుల నోటుపుస్తకంతోపాటే భద్రపరచాలి.