తిరుపతిలో సేంద్రియ సరుకుల అంగడి పెట్టేవాళ్ళకు

బోర్డు రాయించడం, అరలు కొట్టించడం పెద్ద పనులు కావు. మందు కొట్టకుండా పండిన సరుకును మందు లేకుండానే అంగట్లో నిలపడమే అసలు పని. మామూలు గోడౌన్లో బస్తాల మధ్య విషపు గ్యాసు వదిలే సెల్ఫాస్ మాత్రలు పెట్టి పట్టా కప్పేస్తే పురుగు చస్తుంది. మీకు ఆ దారి లేదు. ఆ మాత్ర పెట్టిన మరుక్షణం మీ సరుకు సేంద్రియం కాదు, పైగా ఆ గ్యాసు మనుషుల ప్రాణం కూడా తీస్తుంది. అందుకే ఎంత నిల్వ చేయగలరో ముందు చూసుకుని, ఎంత కొనాలో ఆ తర్వాత తేల్చుకోండి.

అలసందలు, పెసలు, కందులతో మొదలుపెడదాం. వీటికి పురుగు తరచుగా చేనులోనే అంటుకుంటుంది. గింజ మీద సన్నటి తెల్లచుక్కలు ఉంటే అవి గుడ్లు. మన వేడికి నెల తిరిగేసరికి గింజకు గుండ్రటి బొక్క పెట్టుకుని పురుగు బయటికొస్తుంది. సరుకు దిగిన రోజే నల్లపట్టా మీద పలచగా పరిచి రెండు మూడు రోజులు గట్టి ఎండ చూపించండి. గింజ పంటికింద పటుక్కున విరగాలి. నొక్కుకుపోయిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. ఎండలోంచి తీసి వెంటనే డ్రమ్ములో పోయకండి. వేడి గింజ మీద మూత బిగిస్తే లోపల చెమట పట్టి, పురుగు కంటే ముందు బూజు వస్తుంది. చల్లారాక కేజీకి 5 మిల్లీలీటర్ల ఆముదం పట్టించి నిల్వచేస్తే గుడ్లు పొదగవు. కందులను మాత్రం పప్పు చేయించి తెచ్చుకోవడం మేలు, బద్దలకు ఈ పురుగు అంతగా పట్టదు.

బియ్యానికి ఇదే వైద్యం చేస్తే నష్టపోతారు. ఎండకు బియ్యం పగుళ్ళిచ్చి వండేటప్పుడు నూకవుతుంది. దానికి గాలి చొరబడని లోపలి సంచీ కావాలి. అంచు దాకా నింపి, చేత్తో గాలి వెళ్ళగొట్టి, మూతి మెలిపెట్టి కట్టాలి. లోపల మిగిలిన ప్రాణవాయువును పురుగులే వాడేసుకుని చచ్చిపోతాయి. మూతి విప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే 50 కేజీల సంచీ ఒకటి కాకుండా పదేసి కేజీలవి ఐదు కట్టుకోండి. వేపాకు వేయాలనుకుంటే నీడలో బాగా ఎండబెట్టి వేయండి. పచ్చాకు తేమనిస్తుంది. ఎండుటాకైనా కొత్త పురుగును కాస్త దూరంగా ఉంచుతుందే తప్ప, లోపలున్నదాన్ని చంపదు.

దంపుడు బియ్యం, కొర్ర బియ్యం, సామ బియ్యానికి పురుగు కంటే ముక్కవాసన పెద్ద గొడవ. తవుడులో ఉన్న నూనె గాలి తగిలి చెడుతుంది. నెలన్నరలో అమ్ముడయ్యేంతే దంచించండి, మిగతాది పొట్టుతో రైతు దగ్గరే ఉండనీయండి. రాగులతో ఈ బాధ లేదు, శుభ్రంగా ఎండితే ఏళ్ళు ఆగుతాయి. సంగటి పిండి మాత్రం పదిహేను రోజులకోసారి ఆడించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలైన వానలు కాబట్టి బస్తాలు నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి.

గానుగ శెనక్కాయ నూనె అమ్మాలంటే విత్తనాల ఏరివేతలోనే శ్రద్ధ పెట్టాలి. ముడతలుపడ్డవి, నల్లబడ్డవి, పచ్చటి బూజు పట్టినవి ఏరకపోతే అఫ్లటాక్సిన్ విషం నూనెలోకి దిగుతుంది. రిఫైన్డ్ నూనెలో శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది, గానుగ నూనెకు ఆ శుద్ధే లేదు. 100 కేజీల మంచి విత్తనాలకు సుమారు 40 కేజీల నూనె దిగుతుంది. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది కనుక అది 44 లీటర్ల దాకా వస్తుంది. విత్తనాల ఖర్చుకు గానుగ కూలి కలిపి, నూనె తీశాక మిగిలే పిండిని పాడి రైతులకు అమ్మిన డబ్బు తీసేసి, 44తో భాగిస్తే మీ అసలు ధర. అంతకంటే తక్కువకు ఎవరైనా గానుగ నూనె పోస్తానంటే అందులో పామాయిలో మరేదో ఉందనే అనుమానించాలి. ఆడించిన నూనెను స్టీలు పాత్రలో మూడు రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి. ‘బాణట్లో నురగొస్తోంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఈ తొందరే కారణం.

చిత్తూరు వైపు బెల్లం కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. పసుప్పచ్చగా మెరిసేదానికి రంగు తేల్చే హైడ్రాస్ అనే రసాయనం పడి ఉండొచ్చు. అది లేని బెల్లం ముదురు గోధుమరంగులో ఉంటుంది, వానాకాలంలో చెమర్చి కారుతుంది కూడా. చెరకు ఆడే కాలంలోనే కొని, గట్టి ముద్దలుగానే తడిలేని డ్రమ్ములో మూత బిగించి పెట్టండి. నల్లబెల్లానికి నాటుసారా చెడ్డపేరు ఎలాగూ ఉంది కాబట్టి, ప్రతి లోడుకూ బిల్లు దాచుకోవడం మీకే మంచిది.

‘సేంద్రియం’ అని రాసేముందు రుజువు ఉండాలి. దానికి ఒక దారి పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు పూచీపడే ప్రభుత్వ సర్టిఫికెట్ పద్ధతి. పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. మందుల సాగు నుంచి ఇంకా మారే దశలో ఉన్నవాళ్ళకు పీజీఎస్ గ్రీన్, పూర్తయినవాళ్ళకు పీజీఎస్ ఆర్గానిక్. గ్రీన్ సరుకును ఆర్గానిక్ ధరకు అమ్మకండి. చిన్న రైతు నేరుగా తినేవాళ్ళకు అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కానీ ఆ సరుకు మీద సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ ముద్ర వేయకూడదు. కాగితం ఉన్నా లేకున్నా చేనుకు వెళ్ళండి. ‘మందు కొట్టావా?’ అంటే ఎవరైనా లేదనే అంటారు. ‘ఈసారి పచ్చపురుగుకు ఏం చేశావన్నా? పక్కచేనులోంచి నీళ్ళు ఇటే పారతాయా?’ అని అడగండి. ఇద్దరు రైతుల సరుకు ఒకే డ్రమ్ములో కలిపితే ఎవరి రుజువూ మిగలదు. డ్రమ్ముకొక చీటీ కట్టి రైతు పేరు, ఊరు, వచ్చిన తేదీ రాయండి. అంగడికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికల శాఖ ముద్ర తప్పనిసరి.

ఇక సంచులు. 120 మైక్రాన్లకంటే పలచని ప్లాస్టిక్ సంచీలపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచీ కూడా ప్లాస్టిక్కే, చాలా పచ్చదనం అంగళ్ళు తెలియకుండా దాన్నే పంచుతున్నాయి. పాత చీరలతో కుట్టించిన సంచీ చౌక, కడుక్కోవచ్చు. నూనెకు గాజు సీసా పెట్టి, దాని ధర డిపాజిట్‌గా తీసుకుని ఖాళీది తెస్తే తిరిగివ్వండి. కొండకొచ్చిన యాత్రికులు గాజు మోయరు, వాళ్ళకు చిన్న స్టీలు డబ్బా ఉంచండి. తిరిగొచ్చిన సీసాలను సోడా పొడి కలిపిన వేడినీళ్ళతో కడిగి, బోర్లించి ఒక రోజంతా ఎండలో ఆరనివ్వాలి. అడుగున చుక్క తడి ఉన్నా నూనె మసకబారి తొందరగా వాసనొస్తుంది.