ముసురు పట్టకముందే ఆర్కిడ్ షెడ్డులో చేయాల్సిన పనులు

మేడ మీద షెడ్డు వేసి డెండ్రోబియం, ఫెలనాప్సిస్, వాండా, కాట్లేయా లాంటి ఆర్కిడ్‌లు పెంచేవాళ్లు ఎండాకాలానికి భయపడినంతగా వానాకాలానికి భయపడరు. ఎండ దెబ్బ ఆకు మీద తెల్లటి మచ్చగా పడి అక్కడితో ఆగిపోతుంది. వానాకాలపు కుళ్లు అలా ఆగదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న ఫెలనాప్సిస్ నడిమి ఆకు మూడో రోజుకి పట్టుకుంటే చేతిలోకి ఊడి వస్తుంది. అప్పుడు మందు కోసం పరిగెత్తి లాభం లేదు. రోహిణి కార్తెలో, అంటే మే ఆఖరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, షెడ్డు సిద్ధం చేసుకోవాలి.

మన మామిడి తోపుల్లో కొమ్మలకు పట్టి పెరిగే వాండా టెస్సెలాటాను గమనించండి. వానంతా దాని నెత్తి మీదే పడుతుంది. కానీ వాన తెరిపి ఇస్తే చాలు, కాసేపటికే గాలికి వేళ్లు, ఆకులు ఆరిపోతాయి. మన షెడ్డులో చచ్చిపోయే మొక్క కూడా వాన వల్ల చావడం లేదు. ఆ తడి రాత్రంతా ఆరకుండా ఉండడం వల్ల చస్తోంది. నల్లకుళ్లు తెచ్చే పైథియం, ఫైటాఫ్తొరా సూక్ష్మజీవుల బీజాలు నీటిలో ఈదుకుంటూ పాకుతాయి. ఆకు మీద నీటి పొర లేకపోతే వాటికి దారే లేదు. కింద చెప్పే ప్రతి పనీ సాయంత్రానికి ఆకులు, మొవ్వు ఆరేలా చూడడానికే.

పైకప్పు

షేడ్ నెట్ ఎండను ఆపుతుంది గానీ వానను ఆపదు. వాన వెలిశాక కూడా దాని దారాల నుంచి చుక్కలు రాలుతూనే ఉంటాయి. నెట్ పైన 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీటు వేయండి. ఇళ్ల పనులకు వాడే మామూలు షీటు ఒక్క ఎండాకాలానికే పెళుసెక్కి చిరుగుతుంది. 10 అడుగుల వెడల్పుకు కనీసం 2 అడుగుల వాలు ఇవ్వాలి. వాలు తక్కువైతే షీటు మధ్యలో పొట్టలా దిగి నీళ్లు నిలుస్తాయి. చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే ఆ బరువు 100 కిలోలు. సన్న జీఐ పైపులు ఒంగిపోయేది దీనివల్లే. షీటు కింద అడుగుకో నైలాన్ తాడు బిగించి కడితే పొట్ట దిగదు.

జల్లు కొడుతోందని నాలుగు పక్కలా షీటు దించేయడం చాలా షెడ్లలో కనిపించే తప్పు. లోపలి ఆవిరి బయటికి పోక, తెల్లవారేసరికి షీటు లోపలి వైపు నుంచే నీళ్లు కారుతుంటాయి. నైరుతి వానలు ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి కొడతాయి కాబట్టి ఆ పక్క మాత్రమే, అదీ కుండీల ఎత్తు వరకే దించండి. పైన అడుగున్నర సందు వదిలేయాలి.

ఎండాకాలం కోసం వేసిన రెండో నెట్ తీసేయండి. మబ్బు రోజుల్లో రెండు నెట్ల కింద వెలుతురు చాలక ఆకులు మెత్తగా, ముదురు పచ్చగా తయారవుతాయి. అలాంటి ఆకుకి కుళ్లు త్వరగా పడుతుంది. డెండ్రోబియం, వాండాలకు 50 శాతం నెట్, అంటే సగం ఎండను ఆపేది, చాలు. ఫెలనాప్సిస్‌కి 75 శాతం ఉంచండి. తీసే పని మబ్బుగా ఉన్న రోజు సాయంత్రం పెట్టుకోవాలి. వానల మధ్య ఒక్కసారిగా కాసే ఎండకి లేత ఆకులు మాడతాయి.

ఎవరు ఎక్కడ

ఫెలనాప్సిస్, లేత మొక్కలు, చిన్న కాట్లేయాలు తప్పనిసరిగా షీటు కింద ఉండాలి. ముదిరిన డెండ్రోబియాలు, బుట్టల్లో వేలాడే వాండా, మొకారాలు గాలి తగిలే చోట వానను తట్టుకుంటాయి. నిజానికి డెండ్రోబియానికి ఇది ఎదిగే కాలం, వాన నీళ్లు దానికి మేలే. వాండా బుట్టలను మాత్రం ఫెలనాప్సిస్ నెత్తిన వేలాడదీయకండి. పైమొక్క వేళ్ల నుంచి కారే నీరు కిందిదాని మొవ్వులో చేరుతుంది, పైనున్న తెగులు కూడా దాంతోపాటే దిగుతుంది. కుండీలను నేల మీద అసలు పెట్టొద్దు. నేలను కొట్టి ఎగిరే చినుకు మురికిని ఆకుల అడుగుకి చిమ్ముతుంది. రెండు, రెండున్నర అడుగుల ఎత్తున జాలీ బల్ల ఉండాలి. కుండీకీ కుండీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు వదలండి.

గాలి కోసం ఒక వాల్ ఫ్యాను చాలు. మొక్కల మీదకి సూటిగా కాకుండా వాటి పైనుంచి, ఆకు చిన్నగా ఊగేటంత వేగంతో, ముసురు రోజుల్లో రాత్రింబవళ్లూ తిరగాలి. తడి మేడ మీద కరెంటు కాబట్టి ఆ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తు లేకుండా ఫ్యాను పెట్టవద్దు. ప్లగ్గు మూత ఉన్న డబ్బాలో, నేలకి నాలుగు అడుగుల పైన ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పడేసి వాడడం ప్రాణం మీదికి తెస్తుంది.

కుండీ లోపల

పైన అన్నీ సరిగ్గా ఉన్నా కుండీలో పాత పీచు కుళ్లి ఉంటే మొక్క దక్కదు. ఒక్కో కుండీని చేత్తో లేపి చూడండి. నీళ్లు పోసిన మూడో రోజుకి కూడా బరువుగా ఉంటే, వేలు పెడితే పీచు బురదలా నలిగితే, మట్టి వాసన దాటి పుల్లటి వాసన వస్తే మార్చాల్సిందే. కొబ్బరి పీచు ముక్కలు మన వేడికి, తేమకి రెండేళ్లలోనే మెత్తబడిపోతాయి.

నర్సరీ నుంచి పూలతో కొన్న ఫెలనాప్సిస్‌లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. బయట బొగ్గు, బెరడు కనిపిస్తున్నా, వేళ్ల నడుమ చిన్నప్పటి నాచు ముద్ద, స్ఫాగ్నం, గట్టిగా కుక్కి ఉంటుంది. ఎండాకాలంలో అదే మొక్కను కాపాడుతుంది. ముసురులో ఆ ముద్ద వారాల తరబడి ఆరదు. మొక్కను బయటికి తీసి, నీళ్లలో నానబెట్టి, ఆ ముద్దను చిన్న పటకారుతో పోగులు పోగులుగా లాగేయండి.

డెండ్రోబియం మార్చే పద్ధతి ఇది. కొత్త పిలక మొదట్లో లేత వేళ్ల మొనలు కనిపించినప్పుడు మారిస్తే వెంటనే పట్టుకుంటుంది. మూడు నాలుగు కాడలున్న దుబ్బుకు 4 అంగుళాల కుండీ చాలు. ఎదుగుతుందని 8 అంగుళాలది పెడితే నడుమ తడి ఆరదు. కట్టె బొగ్గును అంగుళం, అర అంగుళం ముక్కలుగా కొట్టి, దుమ్ము పోయేలా కడిగి, ఒక రోజు నానబెట్టండి. వంట పొయ్యిలకు వాడే అచ్చు బొగ్గు పనికిరాదు, అది తడిసి పిండి అవుతుంది. అడుగున పెద్ద ముక్కలు మూడో వంతు వేసి, పైన రెండు పాళ్లు బొగ్గు, ఒక పాలు బాగా కాలిన ఇటుక ముక్కలు కలపండి. పీచు వేయాలనుకుంటే మొత్తంలో పదో వంతు దాటనివ్వకండి. చచ్చిన వేరు గోధుమ రంగులో బోలుగా ఉంటుంది, నొక్కితే పై తొక్క ఊడి లోపలి దారం మిగులుతుంది. దాన్ని కత్తిరించండి. ఆకులు రాలిన పాత కాడలను మాత్రం కోయొద్దు. కొత్త పిలకకు తిండి, నీరు అందులోంచే వస్తాయి. ముడుచుకుపోయి గోధుమ రంగుకి తిరిగినవే తీసేయాలి. మొక్క కదలకుండా పుల్లకి కట్టండి. కదిలితే లేత వేళ్ల మొనలు విరిగిపోతాయి. కోతలు మానడానికి మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచి, ఉదయం పూట తుంపర మాత్రం ఇవ్వండి.

ఒక మొక్కకి వాడిన బ్లేడు ఇంకో మొక్కకి వాడకూడదు. సింబిడియం మొజాయిక్ లాంటి వైరస్‌లు కత్తెర ద్వారానే షెడ్డంతా పాకుతాయి. వాటికి మందు లేదు. మొక్కకో కొత్త బ్లేడు, లేదా ప్రతిసారీ మొన ఎర్రబడేదాకా మంట మీద కాల్చడం, ఈ రెండే దారులు.

మొవ్వు, లేత పిలకలు

ఫెలనాప్సిస్‌కి ఎదిగే మొన ఒక్కటే. అది కుళ్లితే మొక్క పైకి ఎదగడం అంతటితో ఆగిపోతుంది. అదృష్టం బాగుంటే మొదట్లోంచి పిల్ల మొక్క వస్తుంది. నిటారుగా కూర్చున్న మొక్క నడిమి ఆకుల సందులో చెంచాడు నీరు నిలుస్తుంది. కుండీని 45 డిగ్రీలు ఒంచి పెడితే ఆ నీరు జారిపోతుంది. ఒంచలేని చోట, వాన తర్వాత టిష్యూ కాగితాన్ని వత్తిలా మెలితిప్పి ఆ సందులో పెడితే నీళ్లు పీల్చేస్తుంది. కాట్లేయా, డెండ్రోబియం కొత్త పిలకలు కూడా గరాటులా నీరు పట్టుకుంటాయి.

లేత ఆకు నల్లబడితే కంగారుపడి కోసేయకుండా ఎక్కడ మొదలైందో చూడండి. నలుపు కొనలో మొదలై, పసుపు అంచుతో నెమ్మదిగా కిందికి దిగుతుంటే అది తరచుగా కాల్షియం లోపం. వేగంగా ఎదిగే కొత్త పిలకల్లో వస్తుంది. నలుపు మొదట్లోంచి పైకి, నీళ్లూరినట్టు, రోజు రోజుకీ పాకుతుంటే నల్లకుళ్లు. ముట్టుకుంటే చితికి, దుర్వాసన వస్తే బ్యాక్టీరియా కుళ్లు. అది గంటల్లో పెరుగుతుంది. ఈ రెండిట్లో ఏదైనా సరే, కుళ్లిన చోటికి అంగుళం దిగువన, ఆరోగ్యంగా ఉన్న భాగంలో కోయాలి. కోత ముఖంలో ఊదా లేదా గోధుమ మరక కనిపిస్తే ఇంకా కిందికి కోయండి. తెల్లగా, పచ్చగా కనిపించాకే ఆపాలి. కోతకి దాల్చినచెక్క పొడి అద్దితే ఆరుతుంది. వేళ్ల మీద మాత్రం అది పడకూడదు, వేళ్లను ఎండగడుతుంది. మొక్కను వేరుగా, గాలి తగిలే చోట పెట్టి వారం రోజులు పైనుంచి నీళ్లు పోయకండి.

మందులు

కార్బెండజిమ్ ఒక్కటే కొట్టి నల్లకుళ్లు తగ్గలేదని బాధపడేవాళ్లు చాలామంది. పైథియం, ఫైటాఫ్తొరా అసలైన శిలీంధ్రాలు కావు, ఆ మందు వాటి మీద పనిచేయదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకి 2 గ్రాములు, లేదా ఫోసెటిల్ అల్యూమినియం లీటరుకి 2 గ్రాములు కావాలి. ముసురుకి ముందు ఒకసారి, తర్వాత అవసరాన్ని బట్టి 15 రోజులకి, ఒకదాని తర్వాత ఇంకోటి మార్చి వాడండి. కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను డెండ్రోబియాల మీద, పూలున్న మొక్కల మీద కొట్టొద్దు, మాడిపోతాయి. కాపర్‌నీ ఫోసెటిల్‌నీ కలపడం గానీ ఒకదాని వెంట ఒకటి వాడడం గానీ చేయకండి. ఫోసెటిల్‌కున్న ఆమ్ల గుణం వల్ల కాపర్ ఎక్కువగా కరిగి ఆకును కాలుస్తుంది. పిచికారీ ఉదయం పూట, కనీసం ఆరు గంటలు వాన రాదనుకున్నప్పుడు, గ్లవ్స్, మాస్క్ వేసుకుని చేయాలి.

నత్తలు వానతోపాటే దిగుతాయి. చిన్నవి బొగ్గు సందుల్లో దాక్కుని రాత్రిపూట వేళ్ల మొనలు కొరుకుతాయి. చీకటి పడ్డాక బంగాళాదుంప ముక్క కుండీ మీద పెట్టి, గంట తర్వాత టార్చితో వెళ్లి ఏరేయండి. మెటల్డిహైడ్ గుళికలు కుక్కలకు ప్రాణాంతకం. ఇంట్లో కుక్క ఉంటే వాటి జోలికి పోవద్దు. పిండినల్లి ఆకు తొడిమల లోపల చేరుతుంది. స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, చీమల దారి కూడా మూసేయండి.

నీళ్లు, ఎరువు

ముసురు పట్టిన రోజున అలవాటు కొద్దీ పైపు పట్టుకోవద్దు. వాండా వేరు ఆరితే వెండి తెలుపులో, తడిస్తే పచ్చగా కనిపిస్తుంది. రోజంతా పచ్చగానే ఉంటే నీళ్లు అక్కర్లేదు. పోయాల్సి వస్తే ఉదయం 9 లోపు పోయండి. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్న కుండీలను మొదటి రెండు మూడు మంచి వానలకి బయట పెట్టి కడిగేయండి. ఇది వానాకాలం ఇచ్చే పెద్ద మేలు.

బొగ్గులో పోషకాలు ఉండవు, మనం ఇచ్చినవి వానకి కొట్టుకుపోతాయి. కాబట్టి తెరిపి ఇచ్చిన ఉదయం 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకి 1 గ్రాము ఇవ్వండి. మూడు వారాలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకి 1 గ్రాము, వేరే రోజున, వేరే బకెట్టులో ఇవ్వాలి. రెండూ కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగున పేరుకుని మొక్కకి అందదు. యూరియా జోలికి వెళ్లకండి. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి కుళ్లుకి తేలిగ్గా లొంగుతుంది.

కోస్తాలో తుపాను

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంకో గండం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు పోయింది. తుపాను హెచ్చరిక రాగానే పాలిథిన్ షీటు విప్పి చుట్టి లోపల పెట్టండి. గాలి పట్టిన షీటు ఫ్రేమును పీకేస్తుంది. నెట్ కూడా దించాలి. వేలాడే బుట్టలన్నీ తీసి గదిలో గానీ మెట్ల కింద గానీ గోడవారన నేల మీద పెట్టండి. రెండు మూడు రోజులు చీకట్లో ఉన్నా ఆర్కిడ్‌కి ఏమీ కాదు. ఆ రోజులు నీళ్లు కూడా అడగదు. మేడ మీద నీరు పోయే గొట్టాల్లో ఆకులు లేకుండా చూడండి.

తుపాను వెళ్లిన మర్నాడు ఆకాశం తేటగా ఉండి ఎండ మండుతుంది, నెట్ అప్పటికి ఉండదు. మొక్కల్ని బయటికి తెచ్చే ముందు పాత తెల్ల పంచె గానీ చీర గానీ అడ్డం కట్టండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో, బయట వదిలేసిన మొక్కల ఆకుల మీద ఉప్పు పొర ఉంటుంది. ఉదయమే మంచినీళ్లతో ఆకుల అడుగు కూడా కడిగి, మొవ్వులో నీరు మిగలకుండా ఒంచి, ఫ్యాను లేకపోతే గాలి వచ్చే గుమ్మం దగ్గర ఆరబెట్టండి.