దిగబడిన బండిని లాగే తాడును ఎంచుకోవడం ఎలా

బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని లాగే పనిలో అసలు ప్రమాదం తాడు బిగిసిన క్షణంలో మొదలవుతుంది. సాగిన తాడు శక్తిని తనలో దాచుకుంటుంది. అది తెగినా, దానిని తగిలించిన కొక్కెం ఊడివచ్చినా ఆ శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై, ఇనుప ముక్కను బండి అద్దం పగలగొట్టుకొని లోపలికి దూసుకుపోయేటంత వేగంతో విసరగలదు. అందువల్ల తాడు కొనేవారు దాని బలం కన్నా ముందు అది ఎంత సాగుతుందో తెలుసుకోవాలి.

ఈ సాగే గుణం తాడును దేనితో చేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నైలాన్‌తో నేసిన స్నాచ్ స్ట్రాప్ తన పొడవులో సుమారు 20 శాతం, నైలాన్ పోగులను అల్లి చేసిన కైనెటిక్ రోప్ సుమారు 30 శాతం సాగుతాయి. లాగే బండి కొద్దిపాటి వేగంతో ముందుకు కదిలినప్పుడు ఇవి ఆ ఊపును మెల్లగా తీసుకొని, తిరిగి ముడుచుకుంటూ దిగబడిన బండిని బయటికి రప్పిస్తాయి. పాలియెస్టర్ పట్టీలు చాలా తక్కువగా సాగుతాయి కనుక చదునైన దారిలో బండిని నెమ్మదిగా లాక్కొనిపోవడానికి, వించ్ (తాడును చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) కోసం చెట్టు మొదలుకు చుట్టడానికి అవి తగినవి. వించ్‌కు వాడే డైనీమా వంటి పాలిఎథిలీన్ తాళ్లు దాదాపుగా సాగవు. వీటిలో ఒకదాని పని మరొకదానికి అప్పగించడం వల్లనే ఎక్కువ ప్రమాదాలు జరిగే అవకాశం ఉన్నదని నా అభిప్రాయం. సాగని పట్టీతో ఊపుగా లాగితే ఆ కుదుపు అంతా నేరుగా బండి చట్రం మీద పడుతుంది. సాగే తాడును వించ్‌కు కలిపితే, వించ్ ఆగిన తరువాత కూడా ప్రమాదకరమైన బిగువు అందులో మిగిలే ఉంటుంది.

రకం తేలిన తరువాత బలం సంగతి చూడాలి. రెండు బండ్లలో తేలికైన దాని పూర్తి బరువును, అంటే మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిసిన బరువును, లెక్కకు తీసుకొని దానికి 2 నుంచి 3 రెట్లు తెగే బలం ఉన్న స్నాచ్ స్ట్రాప్‌ను ఎంచుకోవాలన్నది ఈ పనిలో బాగా పాటించే లెక్క. ఆ బండి 2,500 కిలోలు ఉంటే 5,000 నుంచి 7,500 కిలోల పట్టీ సరిపోతుంది. మరీ దృఢమైనదే మంచిదనుకొని అంతకు ఎంతో మించిన పట్టీని కొంటే అది ఆ బండి బరువుకు తగినంత సాగదు, కుదుపును తగ్గించనూ లేదు. బలాన్ని పౌండ్లలో ముద్రించి ఉంటే 2.2తో భాగించి కిలోలలోకి మార్చుకోవాలి.

చీటీ మీది అంకెలను చదవడంలో మరొక చిక్కు ఉంది. పట్టీల మీద సాధారణంగా తెగే బలాన్ని ముద్రిస్తారు; పట్టీని బండికి కలిపే ఇనుప లంకె, అంటే షాకిల్ మీద మాత్రం క్షేమంగా మోయగల పనిభారాన్ని ముద్రిస్తారు. 4.75 టన్నులని ఉన్న నాణ్యమైన షాకిల్ తెగే బలం సాధారణంగా దానికి 5, 6 రెట్లు ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు. ఏ అంకే లేని తాడును, షాకిల్‌ను ఎంత చవకగా వచ్చినా కొనవద్దని గట్టిగా చెబుతాను.

కొక్కేలు కుట్టి అమ్మే పట్టీల కన్నా రెండు చివర్లా బలపరిచిన మెత్తని ఉచ్చులు ఉన్నవి మేలు, ఎందుకంటే తెగినప్పుడు ఎగిరిపడే లోహం ఎంత తక్కువగా ఉంటే అంత క్షేమం. తాడుతోనే చేసిన సాఫ్ట్ షాకిల్‌ను నేను ఇష్టపడేది ఇందుకే. అయితే అంచు పదునుగా ఉన్న పట్టుచోటుకు దానిని తగిలించకూడదు, కోసుకుపోతుంది. తాడును చట్రానికి బిగించిన రికవరీ పాయింట్లకే, అంటే దిగబడిన బండిని లాగడానికని అమర్చిన పట్టుచోట్లకే, తగిలించాలి. బండిని ఓడలోనో లారీలోనో కదలకుండా కట్టడానికి ఇచ్చిన రింగులు ఈ లాగుడుకు ఆగవు. ట్రైలర్ తగిలించే టో బాల్‌కు ఎన్నడూ తగిలించకూడదు. అది విరిగి ఎగిరివచ్చి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. రెండు పాయింట్లకు కలిపే బ్రైడిల్ పట్టీ కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు అయితే ఒక్కొక్క కాలు మీద మొత్తం భారంలో సుమారు 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్కటీ మొత్తం భారాన్నే మోయవలసి వస్తుంది. కనుక ఆ పట్టీ పొడవుగా ఉండాలి.

రెండు పట్టీలను షాకిల్‌తో కలపడం, తాడుకు ముడి వేయడం తప్పు. ముడి పడినచోట తాడు బలం సగం దాకా పోవచ్చు. లాగేటప్పుడు వేగం విషయంలో నిగ్రహం అవసరం: 2,500 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంలో సుమారు 9,600 జౌళ్ల శక్తిని కలిగి ఉంటే, 20 కిలోమీటర్ల వద్ద అది నాలుగు రెట్లు అవుతుంది. తాడు మధ్యన బరువైన దుప్పటి లేదా డ్యాంపర్ (తెగిన తాడు ఎగరకుండా అణచే బరువు) వేసి, చూసేవారిని తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో, లాగే వరుసకు పక్కగా నిలబెట్టాలి. రెండు మూడు సార్లు లాగిన తరువాత నైలాన్ తాడుకు కొంతసేపు విరామం ఇస్తే అది తిరిగి తన పొడవుకు వస్తుంది.

పోగుల మధ్య చేరిన ఇసుక ప్రతి లాగుడులోనూ వాటిని లోపలినుంచి కోస్తుంది కనుక పని ముగిశాక తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. నైలాన్ తడిసినప్పుడు కొంత బలం కోల్పోతుంది, ఎండ తగిలేకొద్దీ క్షీణిస్తుంది. తెగిన కుట్లు, కోసుకుపోయిన అంచు, కరిగి మెరిసే మచ్చ, గట్టిపడిన భాగం కనిపిస్తే దానితో బండిని లాగడం ఆపివేయాలి. అటువంటి తాడును పారవేసే ముందు ముక్కలుగా కోయాలి, లేకపోతే బాగానే ఉన్నదనుకొని మరొకరు దానిని తీసుకుపోయి వాడవచ్చు.