ట్యాంకులో ఫ్యూయల్ ఉండగానే ఇంజిన్ ఆగిపోతోందా? యాడ్-ఆన్ విమానాల సమస్యలు, పరిష్కారాలు

ఇవన్నీ కంప్యూటర్లో విమానం నడిపే ఆట మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి, దానికి విడిగా కలుపుకునే విమానాలకు (యాడ్-ఆన్లు) సంబంధించినవి. ఫ్యూయల్ తంటా ఏదొచ్చినా ముందు ఒకటి తేల్చుకోండి: లెక్క చూసేది సిమ్యులేటరా, విమానమా?

వరల్డ్ మ్యాప్‌లో (ఫ్లైట్ ఎంచుకునే తెర) పెట్టిన ఫ్యూయల్ కాక్‌పిట్‌లో కనిపించడం లేదు

సిమ్యులేటర్‌తో పాటు వచ్చే చిన్న విమానం సెస్నా 172 వరల్డ్ మ్యాప్‌లో మీరు పెట్టిన అంకెనే తీసుకుంటుంది. యాడ్-ఆన్లుగా వచ్చే పీఎండీజీ 737 (బోయింగ్), ఫ్లైబైవైర్ ఏ32ఎన్‌ఎక్స్ (ఎయిర్‌బస్) అలా కాదు, వాటి లెక్క వాటి సొంత ప్రోగ్రాంలో నడుస్తుంది. అందుకే వాటికి వరల్డ్ మ్యాప్‌లో ఫ్యూయల్ జోలికే వెళ్లొద్దు. 737లో సీడీయూ (కాక్‌పిట్‌లో కీలు, చిన్న తెర ఉన్న కంప్యూటర్) మీద మెనూ, అందులో ఎఫ్‌ఎస్ యాక్షన్స్, అందులో ఫ్యూయల్. ఏ32ఎన్‌ఎక్స్‌లో ఫ్లైప్యాడ్ (కాక్‌పిట్‌లోని టాబ్లెట్) తెరిచి గ్రౌండ్ పేజీలో ఫ్యూయల్. ఫ్లైప్యాడ్‌లో అంకె కొడితే సరిపోదు, నింపడం మొదలుపెట్టే బటన్ కూడా నొక్కాలి. వేగం 'రియల్' మీద ఉంటే నిజంగా ట్యాంకు నిండేంతసేపు ఆగాల్సిందే. ఆగలేకపోతే 'ఇన్‌స్టంట్'కి మార్చుకోండి.

క్రూజ్ ఎత్తుకు చేరకముందే 'లో' ఫ్యూయల్ హెచ్చరిక

దాదాపు ఎప్పుడూ కిలోలు, పౌండ్ల గొడవే. సింబ్రీఫ్ (ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే వెబ్‌సైట్) ప్లాన్ 6,000 కిలోలు అంటుంది, విమానం పౌండ్లలో ఉంటుంది, మీరు 6000 కొడతారు. లోపలికి పోయేది 2,722 కిలోలు. 737లో ఒక్కో మెయిన్ ట్యాంకులో (రెక్కలో ఉండేది) 907 కిలోల కంటే తగ్గితే 'లో' వస్తుంది, కాబట్టి ఎక్కుతుండగానే అది వెలుగుతుంది. సింబ్రీఫ్‌లోనూ విమానం సెట్టింగుల్లోనూ ఒకే యూనిట్ పెట్టండి, ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు గేజ్ అంకెను ప్లాన్‌తో సరిచూడండి. ఇది ఆటలో మాత్రమే జరిగే పొరపాటు కాదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 767 ఒకటి ఇదే యూనిట్ల తికమకతో 41,000 అడుగుల మీద ఫ్యూయల్ అయిపోయి, కెనడాలోని గిమ్లీలో ఇంజిన్లు లేకుండా గ్లైడ్ చేసి దిగాల్సొచ్చింది.

మొత్తం లెక్కలో ఫ్యూయల్ ఉంది, ఇంజిన్లు ఆగిపోయాయి

737-800లో ఒక్కో మెయిన్ ట్యాంకు 3,915 కిలోలు పడుతుంది. మీరు 9,000 కిలోలు నింపితే రెండు మెయిన్లు నిండగా మిగిలిన 1,170 మధ్యలో ఉండే సెంటర్ ట్యాంకులోకి పోతుంది. సెంటర్ పంపులు వేయకపోతే ఇంజిన్లు మెయిన్లనే తాగుతాయి, సెంటర్‌లోది అక్కడే ఉండిపోతుంది. ఇంజిన్ నడుస్తూ సెంటర్‌లో 726 కిలోలు దాటి ఉండి, రెండు పంపుల ప్రెషరూ లేకపోతే 'కాన్ఫిగ్' హెచ్చరిక వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఎగరొద్దు. సెంటర్‌లో 453 కిలోల కంటే ఎక్కువ ఉంటే మెయిన్లు నిండి ఉండాలి, ఎందుకంటే రెక్కల్లోని బరువే రెక్క మొదలు మీద పడే వంపు భారాన్ని తగ్గిస్తుంది. సెంటర్ ఖాళీ అయి లో ప్రెషర్ లైట్లు వెలిగితే ఆ పంపులు ఆపేయండి.

సెస్నాలో ఇదే లక్షణం కనిపిస్తే ఏ ట్యాంకు నుంచి ఫ్యూయల్ తీయాలో ఎంచుకునే సెలెక్టర్ చూడండి. అది 'లెఫ్ట్' మీద ఉంటే, ఎడమది ఖాళీ అవగానే కుడి ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజిన్ ఆగుతుంది. 'బోత్'కి తిప్పండి. ఎర్ర ఫ్యూయల్ షటాఫ్ నాబ్ బయటికి లాగి ఉందేమో కూడా చూడండి.

విమానం ఒక పక్కకు లాగుతోంది

737 రెండు మెయిన్ల మధ్య తేడా 453 కిలోలు దాటితే 'ఇంబాల్' (సమానంగా లేదన్న హెచ్చరిక) చూపిస్తుంది. క్రాస్‌ఫీడ్ (ఒక ట్యాంకు ఫ్యూయల్ రెండు ఇంజిన్లకూ వెళ్లనిచ్చే వాల్వ్) తెరిచి, తక్కువ ఉన్న ట్యాంకు పంపులు ఆపండి. సమానమయ్యాక ముందు పంపులు వేసి, ఆ తర్వాతే క్రాస్‌ఫీడ్ మూయండి. ట్యాంకు కారుతోందన్న అనుమానం ఉంటే మాత్రం క్రాస్‌ఫీడ్ ముట్టుకోవద్దు, మంచి ట్యాంకులోది కూడా పోతుంది.

లేహ్‌లో టేకాఫ్‌కి సెస్నా ఇంజిన్ ముక్కుతోంది

లేహ్ ఎత్తు 10,682 అడుగులు. అక్కడి పలచటి గాలికి పూర్తి రిచ్ మిక్స్‌చర్ (గాలిలో కలిసే ఫ్యూయల్ పాలు) మరీ చిక్కన. బ్రేకులు పట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) గరిష్ఠానికి చేరేదాకా మిక్స్‌చర్ నాబ్ మెల్లగా లాగండి, ఆపై కాస్త లోపలికి తోయండి. అసలు ఫ్యూయలే తగ్గడం లేదంటే అసిస్టెన్స్ ఆప్షన్లలో అన్‌లిమిటెడ్ ఫ్యూయల్ ఆన్‌లో ఉన్నట్టు.

పెట్టిన విమానం జాబితాలోనే లేదు

జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో మళ్లీ ఫోల్డర్ పడుతుంది. కమ్యూనిటీలో (యాడ్-ఆన్లు పెట్టే ఫోల్డర్) పెట్టిన ఫోల్డర్ తెరవగానే మానిఫెస్ట్.జేసన్, లేఅవుట్.జేసన్ కనిపించాలి. ఇంకో ఫోల్డర్ కనిపిస్తే లోపలిదాన్ని పైకి తీయండి. కమ్యూనిటీ ఎక్కడుందో తెలియకపోతే యూజర్‌సీఎఫ్‌జీ.ఆప్ట్ ఫైలు చివరి వరుసలో ప్యాకేజీల దారి ఉంటుంది. లివరీ (విమానం మీది రంగులు) కలిపినా, కాన్ఫిగ్ ఫైలు మార్చినా లేఅవుట్.జేసన్ ఫైలును ఎంఎస్‌ఎఫ్‌ఎస్ లేఅవుట్ జనరేటర్ అనే చిన్న ప్రోగ్రాం మీదకి లాగి వదలండి. లేఅవుట్‌లో పేరు లేని ఫైలును సిమ్యులేటర్ చదవదు.

కొత్త వెర్షన్‌ను పాతదాని మీద కాపీ చేయొద్దు, పాత ఫోల్డర్ మొత్తం తీసేశాకే పెట్టండి. సిమ్యులేటర్ అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్‌కి పడిపోతుంటే సేఫ్ మోడ్‌లో తెరవండి, అది కమ్యూనిటీని పక్కన పెట్టి లోడ్ అవుతుంది. సేఫ్ మోడ్‌లో బాగా నడిస్తే తప్పు యాడ్-ఆన్లదే. ఫోల్డర్లలో సగం బయటికి తీసి చూడండి, పడిపోతే మిగిలిన వాటిలో మళ్లీ సగం తీయండి, పడిపోకపోతే తప్పు బయటికి తీసిన సగంలో ఉన్నట్టు. ఇరవై యాడ్-ఆన్లున్నా నాలుగైదు సార్లలో దొరికిపోతుంది.